బ్యాటరీ పెడితే బిల్లు తగ్గుతుందా? లెక్క చూసి రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో, సోలార్‌తో పాటు బ్యాటరీ కూడా పెట్టుకుంటే ఇక కరెంటు బిల్లుతో పనే ఉండదని రాశారు. ఆ రోజే జవాబు రాద్దామనుకున్నాను, ఇంట్లో పెళ్లి పనులతో కుదరలేదు. ఈలోపు మా వీధిలో ఇద్దరు ఆ పేపరు ముక్క కత్తిరించి దాచుకుని మరీ అడ్వాన్సు కట్టేశారు. ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

మా మిద్దె మీద మూడు కిలోవాట్ల సోలార్ ఉంది. ఇంటి మిద్దెల మీది సోలార్‌కు కేంద్రం తెచ్చిన సూర్యఘర్ పథకంలో 78 వేలు సబ్సిడీ వచ్చింది. దాని మీద నాకే ఫిర్యాదూ లేదు, పెట్టుకోమని పదిమందికి నేనే చెప్పాను. ఎండ బాగున్న రోజు పన్నెండు యూనిట్ల దాకా వస్తుంది. మేం వాడగా మిగిలింది లైన్లోకి పోతుంది. రాత్రి లైన్లోంచి మేం తీసుకున్న దాంట్లో దాన్ని మినహాయించి బిల్లు వేస్తారు. నెట్ మీటర్ అంటే ఇదే. పగలు ఇచ్చిన యూనిట్‌కు రాత్రి యూనిట్ తిరిగొస్తోంది. మన మిగులు కరెంటును దాచిపెట్టే పని లైనే చేసిపెడుతుంటే, అదే యూనిట్‌ను లక్షన్నర పోసి ఇంట్లో దాచుకోవడం దేనికి? పైగా లిథియం బ్యాటరీ అయినా పది యూనిట్లు నింపితే చేతికొచ్చేది తొమ్మిదే. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీలో అంతకన్నా ఎక్కువ పోతుంది.

బ్యాటరీ అమ్మడానికొచ్చిన కుర్రాడు ఈ ముక్క చెప్పలేదు. "రాత్రి కరెంటు మీరు కొనుక్కుంటున్నారమ్మా, ఇది పెడితే కొనక్కర్లేదు" అన్నాడు. ఐదు కిలోవాట్ అవర్ల, అంటే ఐదు యూనిట్లు పట్టే లిథియం బ్యాటరీ, సోలార్‌నూ బ్యాటరీనీ కలిపి నడిపే హైబ్రిడ్ ఇన్వర్టర్, రెండూ కలిపి లక్షా అరవై వేలు. కొటేషన్ రాసిచ్చి వెళ్లాడు. ఆ కాగితం వెనకే నేను లెక్క వేశాను. నెట్ మీటర్ అసలు లేదనే అనుకుందాం. రోజుకు నాలుగు యూనిట్లు బ్యాటరీలోంచి వాడుకుంటాం. 126 నుంచి 225 యూనిట్ల శ్లాబులో యూనిట్ ఆరు రూపాయలు. రోజుకు 24, ఏడాదికి 8,760 రూపాయలు మిగులుతాయి. అసలు రావడానికి పద్దెనిమిదేళ్లు పైనే. కాగితం మీద రాసిన వారంటీ పదేళ్లు. పోనీ ఆ పై శ్లాబులో 8 రూపాయల 75 పైసల చొప్పున లెక్కేసినా పన్నెండేళ్లు దాటుతుంది. అదే లక్షా అరవై వేలు ఆరున్నర శాతం వడ్డీకి బ్యాంకులో వేస్తే ఏడాదికి 10,400 వస్తుంది, అసలు అసలుగానే ఉంటుంది. ఇంకోటి, సోలార్ యూనిట్లు మినహాయించాక బిల్లులో మిగిలే కొద్దిపాటి యూనిట్లకు పడేది 1 రూపాయి 90 పైసలు, 3 రూపాయల శ్లాబులే. నెట్ మీటర్ ఉన్న ఇంట్లో ఆ బ్యాటరీ ఎన్నేళ్లకు గిట్టుబాటవుతుందో మీ విలేకరి గారు ఒకసారి చెప్పాలి.

రేపు పగటి కరెంటుకు ఒక రేటు, సాయంత్రం కరెంటుకు ఇంకో రేటు పెట్టినా, నెట్ మీటర్ పద్ధతి మార్చినా నా లెక్క మారుతుంది. ఒప్పుకుంటాను. అది వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

మరి జనం ఎందుకు ఎగబడుతున్నారంటే, బిల్లు కోసం కాదు, కోతలకు విసిగిపోయి. మొన్న మే నెలలో ఒక రోజు పదకొండు గంటలకు ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. మిద్దె మీద ఆరు పలకలు ఎండలో మెరిసిపోతున్నాయి. కింద గదిలో ఫ్యాను కదలదు. ఎనభై దాటిన మా అత్తమ్మ మంచం పక్కన కూర్చుని సాయంత్రం నాలుగున్నర దాకా తాటాకు విసనకర్రతో విసిరాను. "పైన అంత ఎండ కాస్తుంటే నీ సోలార్ ఏమైందే?" అని ఆవిడ అడిగింది. లైన్లో కరెంటు లేకపోతే, పలకల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే సోలార్ ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది. అలా ఆగకపోతే మన కరెంటు లైన్లోకి వెళ్లి, స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం మీదికొస్తుంది. మంచి ఏర్పాటే. కానీ బిగించిన రోజు ఈ సంగతి మాకు ఒక్కరూ చెప్పలేదు. ఆ నెలంతా కోత పడినప్పుడల్లా గోడ క్యాలెండరు మీద ఎర్ర ఇంకుతో చుక్క పెట్టాను. పంతొమ్మిది చుక్కలు తేలాయి.

కోతల కోసమే అయితే ఇంత పెద్దది అక్కర్లేదు. ముందు ఫ్యాన్లు మార్చుకోండి. పాత ఫ్యాను డెబ్బై ఐదు వాట్లు లాగితే బీఎల్‌డీసీ అనే కొత్త రకం ఫ్యాను ముప్పై వాట్లతో తిరుగుతుంది. అలాంటివి రెండు, నాలుగు ఎల్‌ఈడీ బల్బులు ఉంటే ఇళ్లలో మామూలు ఇన్వర్టర్‌కు పెట్టే 150 ఏహెచ్ ట్యూబులర్ (లెడ్ యాసిడ్ రకం) బ్యాటరీ ఒక్కటి రాత్రి గడిపేస్తుంది. నాలుగైదేళ్లకోసారి మార్చాలి, డిస్టిల్డ్ వాటర్ పోస్తుండాలి, అయినా పెద్దదాని ధరలో ఇది చిన్న ముక్క. తుపాను రోజుల్లో పెద్ద బ్యాటరీ ఆదుకుంటుందనీ అనుకోవద్దు. 2023 డిసెంబరులో మిచాంగ్ వచ్చినప్పుడు మన జిల్లాలో సూర్యుడు కనపడితే కదా. మొదటి రాత్రికి ఖాళీ అయితే మళ్లీ నింపేదెవరు?

నా బాధ అసలు వేరే ఉంది. నేలటూరులో 800 మెగావాట్ల యూనిట్లతో థర్మల్ కేంద్రం నడుస్తున్న నెల్లూరు జిల్లా మనది. అలాంటి చోట ఫ్యాను తిరగడానికి ఇంటింటికీ బ్యాటరీ కావాల్సి రావడం ఏమిటి? వానాకాలం ముందు తీగల మీది కొమ్మలు కొట్టించరు, ఫోను చేస్తే ఎత్తరు. బిల్లు మీద మాత్రం ఇంధనం, కరెంటు కొనుగోలు ఖర్చుల సర్దుబాటు పేరుతో కొత్త వరస దిగుతుంది. 2022-23లో వాడిన కరెంటుకు 2024 డిసెంబరు నుంచి వసూలు మొదలుపెట్టారు. కోతలు మితిమీరితే వినియోగదారుడికి పరిహారం ఇవ్వాలని 2020 డిసెంబరులో కేంద్రం నియమాలు తెచ్చింది. మా వీధిలో ఒక్క రూపాయి అందుకున్నవాళ్లు లేరు. పలకల మీద జీఎస్టీ 5 శాతానికి తగ్గించి, బ్యాటరీ మీద 18 వసూలు చేస్తున్నారు, దానికి సబ్సిడీ కూడా లేదు. లైన్లు బాగు చేయాల్సిన ఖర్చు చివరికి మన నెత్తినే పడుతోంది.

కరెంటు ఆఫీసుల్లో బిల్లు కట్టే కౌంటరు దగ్గర రెండు ముక్కలు తెలుగులో రాసి అంటించమనండి. నెట్ మీటర్ ఉంటే బ్యాటరీతో బిల్లు తగ్గదనీ, బ్యాటరీ లేకపోతే కోతలో సోలార్ పనిచేయదనీ. మీరు కూడా అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో సవరణ వేయండి. మా వీధిలో అడ్వాన్సు కట్టిన ఇద్దరిలో ఒకావిడకు బ్యాటరీ ఇంకా రాలేదు. ఈ వారంలోపు వేస్తే, డబ్బు వెనక్కి అడగడానికి ఆవిడ చేతిలో ఒక కాగితమన్నా ఉంటుంది.

ఇట్లు,
ఒక గృహిణి, కావలి