విశ్వావసు నామ సంవత్సర నివేదిక: కొరియాలో మన సంఘం ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

2025 మార్చి 30 ఉగాది నుంచి ఈ ఉగాది దాకా మన సంఘం చేసిన పనుల నివేదిక ఇది. జమాఖర్చుల పట్టిక అందరికీ విడిగా పంపాం. అందులో అడగాల్సినవి ఉంటే సర్వసభ్య సమావేశంలో అడగండి, కోశాధికారి జవాబు చెబుతారు. పండుగల ఫోటోలు మీ ఫోన్లలో ఉన్నవే. ఫోటోల్లో పడని పని ఒకటుంది, కార్యవర్గం సమయం ఎక్కువగా దానికే పట్టింది. అది ఫోన్ ఎత్తడం. ఈ నివేదికలో దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

ఏడాది పొడుగునా వచ్చిన ఫోన్లలో చాలావాటికి మొదటి మాట ఒకటే. "అన్నా, పోయిన వారమే చేద్దామనుకున్నా, మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని ఆగా." ఆ వారం రోజుల్లోనే గడువు దాటిపోయేది, లేదా జ్వరం ముదిరేది. మన మొహమాటం మనకు ఎంత ఖరీదు అవుతోందో ఈ ఏడాది దగ్గరగా చూశాను.

ఉగాది, అడవి మంటలు

కిందటి ఉగాదికి వారం ముందు, మార్చి 22న, ఉత్తర గ్యొంగ్‌సాంగ్‌లోని ఉయ్‌సొంగ్ దగ్గర అడవి అంటుకుంది. గాలికి ఆ మంటలు అన్‌దోంగ్, చొంగ్‌సోంగ్, యొంగ్‌డొక్ దాకా పాకాయి. ఫోన్లలో అత్యవసర సందేశాలు ఒకదాని వెనక ఒకటి మోగాయి. అవి కొరియన్‌లో వస్తాయి. భాష రానివాళ్లకు ఆ మోత గుండె అదరగొడుతుందే తప్ప ఎటు పోవాలో చెప్పదు. అటువైపు చదువుకుంటున్న పిల్లలకు మన సభ్యులే ఒక్కో సందేశం తెలుగులోకి మార్చి పంపుతూ రాత్రంతా కూర్చున్నారు. ఈ హెచ్చరికలను ఇంగ్లీషులో చూపించే ప్రభుత్వ యాప్ ఉంది, పేరు ఎమర్జెన్సీ రెడీ. కొత్తగా వచ్చినవాళ్లు మొదటి రోజే దాన్ని ఫోన్‌లో పెట్టుకోండి.

ఇంత జరుగుతుంటే పండుగ చేసుకోవాలా అని కార్యవర్గంలో వాదన నడిచింది. చివరికి ఆటపాటలు తగ్గించి, పచ్చడి, పంచాంగ శ్రవణం, భోజనం మాత్రం ఉంచాం. హుండీలో పడిన డబ్బు బాధితుల సహాయ నిధికి పంపాం. అది మంచి నిర్ణయమని ఇప్పటికీ అనుకుంటున్నాను. సియోల్ చలికి వేపచెట్టు ఆరుబయట బతకదు. ఆ రోజు పచ్చడిలో పడిన పువ్వు, ఒక సభ్యురాలి అమ్మగారు హిందూపురంలో కిందటేడు ఎండబెట్టి దాచి పంపింది.

తేదీలతో బతుకు

ఈ దేశంలో మన బతుకంతా తేదీల మీద నడుస్తుంది. వచ్చిన 90 రోజుల్లో విదేశీయుల నమోదు చేయించుకోవాలి. ఇల్లు మారితే 15 రోజుల్లో కొత్త చిరునామా చెప్పాలి. వీసా పొడిగింపు గడువు లోపే పెట్టుకోవాలి. ఇవన్నీ తెలిసినవే అనుకుంటాం. కానీ ఈ ఏడాది వచ్చిన ఫోన్లలో పెద్ద వాటా వీటి గురించే.

చిరునామా విషయం కొంచెం వివరంగా రాయాలి. చాలామంది దాన్ని ఇమ్మిగ్రేషన్ వాళ్ల కోసం చేసే లాంఛనం అనుకుంటున్నారు. కాదు. మీరు ఇంటికి కట్టిన అడ్వాన్సుకు అదే కాపలా. వొల్సే (నెలనెలా అద్దె) అయినా జొన్సే (నెల అద్దె బదులు పెద్ద మొత్తం అడ్వాన్సు) అయినా, ఆ ఇంట్లో ఉంటూ చిరునామా మార్పు నమోదు చేయించి, అద్దె ఒప్పందం మీద తేదీ ముద్ర వేయించుకుంటేనే, రేపు ఆ ఇల్లు వేలానికి పోయినా మీ డబ్బు అడిగే వరసలో మీకు చోటు ఉంటుంది. విదేశీయులు చేసే చిరునామా మార్పుకు కూడా ఈ రక్షణ వర్తిస్తుంది. సంతకం పెట్టేముందు ఆ ఇంటి రిజిస్టరు కాపీ తీయించి, దాని మీద బ్యాంకు అప్పు ఎంతుందో చూడండి. కొత్తగా పెళ్లయిన ఒక జంట ఇవేవీ చేయకుండా దాచుకున్నదంతా అడ్వాన్సుగా కట్టారు. ఖాళీ చేసే రోజున ఇంటి యజమాని ఫోన్ ఎత్తడం మానేశాడు. డబ్బు ఇంకా పూర్తిగా రాలేదు. ఉచిత న్యాయ సలహా దొరికే చోటికి మన వాళ్లు తోడు వెళ్తున్నారు. ఒప్పందం రాసుకునే రోజు ఒక్క ఫోన్ చేసి ఉంటే, కొరియన్ చదవగలిగిన మన సభ్యుల్లో ఎవరో ఒకరు వెంట వెళ్లేవారు. ఆ అమ్మాయి ఆ మాటే అని ఏడ్చింది.

ఇక్కడ పిల్లలు పుట్టినవాళ్లకు ఒక మాట. ఈ దేశంలో పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు. మన రాయబార కార్యాలయంలో జననం నమోదు చేయించి పాస్‌పోర్టు తీసుకోవాలి, పుట్టిన 90 రోజుల్లో ఇమ్మిగ్రేషన్‌లో బిడ్డకు నివాస హోదా తెచ్చుకోవాలి. బాలింతను చూసుకుంటూ, రాత్రులు నిద్ర లేకుండా ఉన్న తండ్రికి 90 రోజులు ఎలా అయిపోతాయో తెలియదు. మొదటి నెలలోనే మొదలుపెట్టండి. ఆరోగ్య బీమాలో ఉన్న గర్భిణులకు ఆసుపత్రి ఖర్చుల కోసం 10 లక్షల వన్ల వోచర్ కార్డు ఇస్తారు, బీమా కడుతున్న విదేశీయులు కూడా అడగవచ్చు. ఏడో నెల దాకా ఈ సంగతి తెలియని చెల్లెళ్లు ముగ్గురు కనిపించారు. ఆరు నెలలు దాటి ఉండేవాళ్లకు ఆ బీమా 2019 జులై నుంచి తప్పనిసరి. ఎలాగూ నెలనెలా కడుతున్న డబ్బే, అందులో రావాల్సింది వదులుకోకండి.

పని చోట

మన సభ్యుల్లో సువోన్, హ్వాసొంగ్ వైపు కంపెనీల్లో పనిచేసే ఇంజనీర్లు ఉన్నారు. దేజాన్, పొహాంగ్, ఉల్సాన్, గ్వాంగ్జు ల్యాబుల్లో పరిశోధకులున్నారు. దక్షిణాన వెల్డింగ్ పనికి వచ్చిన తమ్ముళ్లున్నారు. ఒక్కొక్కరి కష్టం ఒక్కో రకం. అయినా పని చోట మాట దాచుకోవడం మాత్రం అందరిలోనూ చూశాను.

ఒక పరిశోధకుడు రెండేళ్లపాటు ల్యాబ్ హ్వేషిక్‌లకు వెళ్లి, తెల్లన్నం, సముద్రపు నాచు రేకులు తిని ఇంటికి వచ్చేవాడు. హ్వేషిక్ అంటే పని అయ్యాక జట్టంతా కలిసి చేసే భోజనం. తాను శాకాహారినని చెబితే అందరికీ ఇబ్బంది అనుకున్నాడు. ఇక్కడి ఊరగాయ కిమ్చి అయినా తినేవాడు కాదు, చాలావాటిలో ఉప్పు రొయ్యలో చేప రసమో కలుపుతారు కాబట్టి. మన సంఘం ముఖాముఖి సమావేశానికి వచ్చిన తర్వాత ధైర్యం చేసి ల్యాబ్ పెద్దాయనకు చెప్పాడు. ఆ పెద్దాయన నొచ్చుకున్నారట, ఇన్నాళ్లూ మన పిల్లాడు ఆకలితో ఇంటికి వెళ్లాడా అని. ఆ తర్వాత నుంచి హోటల్‌కు ఆయనే ముందుగా ఫోన్ చేసి, బిబింబాప్‌లో గుడ్డూ మాంసం లేకుండా ఒకటి చెప్పి ఉంచుతున్నారు. అడగకుండానే ఎదుటి మనిషి మనసు కనిపెట్టడాన్ని ఇక్కడివాళ్లు నున్చి అంటారు, అది లేనివాణ్ని మొరటోడి కింద లెక్కేస్తారు. కానీ మన తిండి సంగతి వాళ్లు మాత్రం ఎలా కనిపెడతారు? మనమే చెప్పాలి.

జీతం విషయంలో మొహమాటం ఇంకా ప్రమాదం. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడు చిన్న వర్క్‌షాపులో మూడేళ్లకు పైగా పనిచేసి మానేశాడు. ఏడాది నిండిన ఉద్యోగికి, ఏడాదికి ముప్ఫై రోజుల సగటు వేతనం చొప్పున పని మానేటప్పుడు ఇచ్చే తెయ్‌జిక్‌గుమ్ రావాలి. పని మానిన 14 రోజుల్లో ఇవ్వాలని చట్టం. యజమాని వచ్చే నెల, వచ్చే నెల అంటూ తిప్పాడు. కష్టకాలంలో పని ఇచ్చిన మనిషిని ఎలా నిలదీస్తానని ఇతను ఊరుకున్నాడు. ఇలాంటి బకాయి అడిగే హక్కు మూడేళ్లతో పోతుంది. మన దగ్గరకు వచ్చేసరికి రెండేళ్లు దాటాయి. జీతం చీటీలు, బ్యాంకు పద్దులు, హాజరు మెసేజ్‌లు అన్నీ వరస పెట్టి, కార్మిక శాఖ కార్యాలయంలో ఫిర్యాదు రాయించాం. దానికి ఫీజు లేదు. అధికారి ఇద్దరినీ పిలిపించిన తర్వాత డబ్బు రెండు విడతలుగా వచ్చింది. ఈ ఏడాది నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చిన పని ఇదే. ఆ డబ్బుతో వాళ్ల నాన్న కంటి ఆపరేషన్ అయింది. కార్మిక సమస్యలకు 1350, వీసా విషయాలకు 1345. రెండు నంబర్లూ రాసి పెట్టుకోండి. 1345లో తెలుగు లేదు, ఇంగ్లీషులో మాట్లాడతారు.

తిరిగి వెళ్లిపోయేవాళ్లు పెన్షన్ డబ్బు వదిలేయకండి. భారత్, కొరియాల మధ్య సామాజిక భద్రత ఒప్పందం 2011 నవంబరులో అమల్లోకి వచ్చింది. ఇక్కడ కట్టిన పెన్షన్ దేశం విడిచేటప్పుడు ఒకేసారి తీసుకోవచ్చు. టికెట్ పట్టుకుని ముందుగానే పెన్షన్ కార్యాలయానికి వెళ్లండి.

ఒక రాత్రి

ఈ విషయం రాయాలా వద్దా అని ఆలోచించాను. ఆ సభ్యుడే రాయమన్నాడు.

నవంబరులో ఒక రాత్రి పదకొండున్నరకు అతని తండ్రి ఊళ్లో కాలం చేశారు. అక్కడ అప్పుడు ఎనిమిది గంటలు. ఇతని వీసా గడువు దగ్గర పడుతోంది. దేశం దాటితే మళ్లీ రానివ్వరేమో, ఉద్యోగం పోతుందేమో అని టెన్షన్. ఇంత రాత్రి ఎవరిని లేపుతామని తెల్లవార్లూ ఒక్కడే కూర్చున్నాడు. పొద్దున తొమ్మిదికి 1345కు చేసి, ఆ తర్వాత మాకు చేశాడు. విదేశీయుల నమోదు కార్డు చెల్లుబాటులో ఉండి ఏడాదిలోపు తిరిగి వచ్చేవాళ్లు విడిగా రీ-ఎంట్రీ అనుమతి తీసుకోనక్కర్లేదు. ఆ ఒక్క ముక్క తెలిసిన మనిషి రాత్రే దొరికి ఉంటే పొద్దున మొదటి విమానం ఎక్కేవాడు. ఇక్కడి నుంచి హైదరాబాదుకు నేరుగా విమానం లేదు, ఎక్కడో ఒకచోట మారాల్సిందే. అతను ఇంచొన్‌లో విమానం ఎక్కే వేళకు ఊళ్లో అంత్యక్రియలు మొదలయ్యాయి. తలకొరివి బాబాయి పెట్టారు. ఇతను విమానాశ్రయంలో నిలబడి ఫోన్‌లో చూశాడు.

ఆ వారమే కార్యవర్గం కూర్చుని రాత్రి ఫోన్ వంతులు వేసుకుంది. డిసెంబరు నుంచి రాత్రి పది తర్వాత కూడా ఒకరు ఫోన్ దగ్గర ఉంటున్నారు. మమ్మల్ని లేపండి. దానికే ఉన్నాం.

బతుకమ్మ, చుసొక్

సద్దుల బతుకమ్మ సెప్టెంబరు 30, మంగళవారం. సెలవు దొరకదు కాబట్టి 28 ఆదివారం ఆడుకున్నాం. ఇక్కడ తంగేడు లేదు. గునుగు బదులు దాని చుట్టమే అయిన సీతమ్మజడ పువ్వు దొరికింది, కొరియన్లు మెన్‌డురామి అంటారు. బంతి, చామంతి మార్కెట్లో కొన్నాం. రోడ్డు పక్కన కాస్మోస్ పూలు విరగబూసి పిల్లలను ఊరిస్తాయి, కానీ అవి ఊరివాళ్లు నాటినవి, కోయకూడదని ముందే చెప్పాం. అడుగున పరచడానికి గుమ్మడాకు మాత్రం వెతుక్కోనక్కర్లేదు. కొరియన్లు దాన్ని ఆవిరికి ఉడికించి అన్నం చుట్టుకుని తింటారు, కూరగాయల సంతలో కట్టలు కట్టి అమ్ముతారు. అన్ని కట్టలు ఎందుకని అడిగిన అవ్వకు బతుకమ్మ ఫోటో చూపిస్తే, ఇంకో కట్ట ఊరికే చేతిలో పెట్టింది. వాగులో వదలడానికి వీల్లేదు కాబట్టి పెద్ద తొట్టిలో నీళ్లు పోసి సాగనంపాం. వరంగల్ నుంచి వచ్చిన ఒక అక్క పాట ఎత్తుకుంటే, గోదావరి జిల్లాల ఆడపిల్లలు కూడా అడుగు కలిపారు.

ఆ వెంటనే కొరియన్ల పంటల పండుగ చుసొక్. కిందటేడు అక్టోబరు 3 నుంచి 9 దాకా వరసగా ఏడు రోజుల సెలవు. ఇక్కడివాళ్లంతా సొంత ఊళ్లకు వెళ్తారు, సంక్రాంతికి హైదరాబాదు ఖాళీ అయినట్టు ఊరు ఖాళీ అవుతుంది. హాస్టల్ మెస్‌లు మూతపడతాయి. విద్యార్థులకు ఏడాదిలో అన్నిటికన్నా ఒంటరి వారం అదే. ఈసారి సువోన్, దేజాన్‌లలో కొందరు సభ్యులు తమ ఇళ్లలోనే రోజూ వంట పెట్టి పిల్లలను పిలిచారు. పప్పు, చారు, చొంగ్యాంగ్ మిరపకాయలతో బజ్జీలు. ఒక అబ్బాయి మూడు రోజులుగా గదిలోంచి బయటికి రాలేదని, ఫోన్ చేసినా కట్ చేస్తున్నాడని పక్క గది పిల్లాడు చెబితే, ఒక పిన్ని గిన్నె పట్టుకుని తలుపు కొట్టింది. అతను ఇప్పుడు యూనివర్సిటీ కౌన్సెలర్‌ను కలుస్తున్నాడు, బాగున్నాడు. ఇలా ఇల్లు తెరిచినవాళ్లు పేర్లు రాయవద్దన్నారు. వాళ్లకు సంఘం తరఫున చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

పిల్లల తెలుగు తరగతి ఆదివారాలు వీడియోలో నడుస్తోంది. కొరియన్‌లో అమ్మను ఒమ్మా అంటారు కాబట్టి మొదటి మాట ఎవరికీ కష్టం కాలేదు. పెద్దవాళ్ల పేరు చివర వాళ్లు నిమ్ అని చేర్చినట్టే మనం గారు అంటామని చెబితే ఇట్టే పట్టుకున్నారు. గుణింతాల దగ్గరే నడక నెమ్మదించింది. ఇంకో ఇద్దరు బోధకులు కావాలి.

చేయలేకపోయినవి

క్రికెట్ పోటీ మైదానం దొరక్క జరగలేదు. కొత్తవాళ్లకు ఇస్తామన్న తెలుగు కరదీపిక సగంలో ఉంది. చెత్త వేరు చేసే అధ్యాయం మాత్రం పూర్తయింది. ఎముకలు, గుడ్డు పెంకులు, ఉల్లి పొట్టు, కొబ్బరి చిప్ప తిండి చెత్తలో వేయకూడదు, ఈ విషయంలోనే ఇరుగుపొరుగుతో గొడవలు ఎక్కువ. బుసాన్, ఉల్సాన్ సభ్యులు కార్యవర్గమంతా సియోల్ చుట్టుపక్కలవాళ్లే అని అన్నారు. ఆ మాట న్యాయమే. కొత్త కార్యవర్గంలో దక్షిణం నుంచి కనీసం ఇద్దరు ఉండాలని తీర్మానం పెడుతున్నాం, దయచేసి బలపరచండి.

ఈసారి ఉగాది మార్చి 19, గురువారం. మన కలయిక 22 ఆదివారం, సర్వసభ్య సమావేశం భోజనాల తర్వాత. సంఘం ఫోన్, రాత్రి వంతుల పట్టిక ఆ రోజే కొత్త కార్యదర్శికి అప్పగిస్తాను. హాలు తాళం ఉదయం తొమ్మిదికి తీస్తాం. వేపపువ్వు ఉన్నవాళ్లు శనివారం లోపు చెప్పండి. కొద్దిగానే ఉంది కదా అని చెప్పకుండా ఊరుకోవద్దు.

మీ
కార్యదర్శి