పాలమూరు బీరుకు ముందు నీళ్ల లెక్క తేలాలి

సంపాదకులకు,

గ్రేటర్ హైదరాబాద్ బయటి మున్సిపల్ కార్పొరేషన్లలోనూ మైక్రోబ్రూవరీలకు (బీరును అక్కడే తయారు చేసి అమ్మే చిన్న కేంద్రాలకు) అనుమతి ఇవ్వాలన్న నిర్ణయం వచ్చినప్పటి నుంచి మహబూబ్‌నగర్‌లోనూ నల్లగొండలోనూ ఒకటే చర్చ. ఎవరు పెడతారు, ఏ రోడ్డు మీద పెడతారు, ఫీజు ఎంత అని. ఏ నీళ్లతో తయారు చేస్తారు, ఏ గింజ వేస్తారు, పైపులు ఎన్నాళ్లకోసారి కడుగుతారు అన్న మాట మాత్రం ఎక్కడా వినపడదు. బీరు బాగుండాలన్నా, తాగినవాడి ఒళ్లు బాగుండాలన్నా తేలాల్సింది ఈ మూడే. అందుకే ఈ ఉత్తరం.

ముందు నీళ్లు. బీరులో నూటికి తొంభై పాళ్లకు పైగా నీళ్లే. మన బోరు నీళ్ల సంగతి మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు పడింది మన జిల్లా వల్లే. 1970లలో జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు పటిక, సున్నం కలిపి తేర్చే ఆ విధానాన్ని తాగునీటి కోసం రూపొందించారు. బీరుకు అది సరిపోదు, ఎందుకంటే పటికతో సల్ఫేట్, సున్నంతో క్షారం నీళ్లలో పెరుగుతాయి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందని కొందరు అనుకుంటారు. పోదు. ఆవిరి పోయేది నీళ్లే కాబట్టి ఫ్లోరైడ్ ఇంకాస్త చిక్కబడుతుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకోవచ్చని భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం చెబుతుంది. మర్రిగూడ, మునుగోడు వైపు బోర్లను తలచుకుంటే ఆర్వో ప్లాంటు లేని బ్రూవరీ ఈ నేల మీద పెట్టనే కూడదు.

ఫ్లోరైడ్ ఒక్కటే కాదు, బైకార్బొనేట్ కూడా ఇబ్బందే. మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) పిండిని వేడినీళ్లలో నానబెట్టినప్పుడు ఆ మిశ్రమం (మాష్) పీహెచ్ 5.2–5.5 మధ్య ఉండాలి. బోరు నీళ్లలో బైకార్బొనేట్ ఎక్కువైతే అది 5.8కి ఎగబాకుతుంది. అప్పుడు పిండి పదార్థం చక్కెరగా మారడం మందగిస్తుంది, పొట్టులోంచి వగరు దిగుతుంది. గొంతులో నిలిచిపోయే గరుకు చేదు అక్కడిదే. నల్లగా వేయించిన మాల్ట్‌లో సహజంగానే ఆమ్లం ఉంటుంది కాబట్టి డబ్లిన్ కఠిన జలానికి నల్లటి స్టౌట్ బీరు కుదిరింది. మెత్తటి నీళ్లున్న చెక్ పట్టణం పిల్సెన్‌లో 1842లో బంగారు రంగు లాగర్ (చల్లగా పులియబెట్టే బీరు) పుట్టింది. మన బోరు నీళ్లతో నేరుగా లేత రంగు బీరు చేయబోతే నీళ్లతో కుస్తీ పట్టినట్టే.

ఆర్వో నీళ్లు ఉత్త ఖాళీ నీళ్లు. వాటిని అలాగే వాడినా తప్పే. వంద లీటర్లకు జిప్సం 10 గ్రాములు, కాల్షియం క్లోరైడ్ 10 గ్రాములు కలిపితే కాల్షియం లీటరుకు 50 మిల్లీగ్రాముల దాకా వస్తుంది, పిండిని చక్కెరగా మార్చే ఎంజైములకూ ఈస్ట్‌కూ అది చాలు. పీహెచ్ ఇంకా ఎక్కువగా ఉంటే లాక్టిక్ ఆమ్లం కొద్దికొద్దిగా పోస్తూ, ప్రతిసారీ నమూనా చల్లార్చి మీటరుతో చూడాలి. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వాడేవాళ్లకు సమస్య వేరు. క్లోరిన్ పోకుండా కాస్తే బీరుకు ఆసుపత్రి వాసన అంటుకుంటుంది, ఆ తర్వాత ఏం చేసినా వదలదు. కార్బన్ ఫిల్టర్ పెట్టాలి, లేదా వంద లీటర్లకు అర గ్రాము పొటాషియం మెటాబైసల్ఫైట్ కలపాలి. ఇక ఆర్వో వదిలేసే నీళ్లలో ఫ్లోరైడ్ అసలు నీళ్లకంటే ఎక్కువ. వాటిని పశువుల తొట్టిలోకో ఇంకుడు గుంతలోకో వదిలితే పశువులకూ చేటు, పక్కవాడి బోరుకూ చేటు. ఈ ఒక్క విషయం లైసెన్సు షరతుల్లో రాయించినా మన జిల్లాలకు మేలు.

తర్వాత గింజ. బార్లీ మన దగ్గర పండదు, రాజస్థాన్, హర్యానా నుంచి రావాల్సిందే. కానీ పాలమూరు బీరు అని బోర్డు పెట్టి అందులో పాలమూరు జొన్న గింజ ఒక్కటి లేకపోతే ఆ పేరు ఎందుకు? జొన్నతో బీరు కొత్త సంగతేమీ కాదు. 1988లో నైజీరియా బార్లీ, మాల్ట్ దిగుమతిని ఆపేస్తే అక్కడి పెద్ద బ్రూవరీలన్నీ జొన్నకు మళ్లాయి. ఆఫ్రికా పల్లెల్లో అంతకు ఎన్నో తరాల ముందు నుంచీ జొన్న బీరు ఉంది.

జొన్న వేయాలంటే పద్ధతి తెలియాలి. బార్లీ మాష్ 65 డిగ్రీల దగ్గర నడుస్తుంది. జొన్న పిండి 68–75 డిగ్రీలు దాటితే గానీ ఉడికి జిగురెక్కదు. ఆ వేడిలో బార్లీ ఎంజైములు ఎక్కువసేపు బతకవు. రెండూ ఒకే గంగాళంలో కలిపేసేవాడికి జొన్నంతా పిప్పిలోనే మిగిలి, బీరు మబ్బుగా పలచగా వస్తుంది. కాబట్టి జొన్నను విడిగా ఉడికించాలి. 500 లీటర్ల బ్యాచ్‌కు మొత్తం 100 కిలోలు అనుకుందాం: బార్లీ మాల్ట్ 75, జొన్న రవ్వ 25. జొన్న రవ్వలో 8 కిలోల మాల్ట్ కలిపి, 100 లీటర్ల నీళ్లలో 70 డిగ్రీల దగ్గర పావుగంట ఉంచాలి. ఆ కొద్ది మాల్ట్ లేకపోతే సంకటిలా బిగుసుకుని అడుగంటుతుంది. తర్వాత అరగంట మరిగించాలి, కలపడం ఆపకూడదు. ఈలోగా మిగతా 67 కిలోల మాల్ట్‌ను 170 లీటర్ల నీళ్లలో 50 డిగ్రీల దగ్గర సిద్ధంగా ఉంచుకుని, మరిగే జొన్నను అందులో పోస్తే మొత్తం 66 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. అక్కడ గంట. అయోడిన్ చుక్క వేస్తే నీలం రంగు రాకూడదు. వస్తే పిండి ఇంకా మిగిలి ఉన్నట్టు.

జొన్నకు బార్లీలా పొట్టు ఉండదు కాబట్టి వడకట్టేటప్పుడు పిప్పి బంకమన్నులా గట్టిపడి రసం దిగదు. దీనికి మందు మిర్యాలగూడలో ఉంది. అక్కడి రైసు మిల్లుల ఊకను బాగా కడిగి, దుమ్ము వదిలాక, 100 కిలోల గింజలకు 5 కిలోలు మాష్‌లో కలిపితే దారి తెరుచుకుంటుంది. అది రుచినీ మార్చదు, చక్కెరనూ ఇవ్వదు. అక్కడి నూకలు కూడా జొన్నలాగే ఉడికించి వాడుకోవచ్చు. అయితే బియ్యం, జొన్న కలిసి మూడో వంతు మించితే ఈస్ట్‌కు కావాల్సిన నత్రజని చాలక పులియడం మధ్యలో నిలిచిపోవచ్చు.

జొన్నను ఎంచుకోవడంలోనూ జాగ్రత్త ఉండాలి. వానల్లో కోసిన గింజకు బూజు పడుతుంది, ఆ గింజ దగ్గరికి పోవద్దు. యాసంగి తెల్ల జొన్న మేలు. పక్షులు ముట్టని ఎర్ర రకాల్లో టానిన్ ఎక్కువ, అది ఎంజైములను కట్టేస్తుంది. పైపొర తీసి, మొలక భాగం పోయేలా పట్టించిన తాజా రవ్వ కావాలి, ఎందుకంటే మొలకలోని నూనె బీరు నురగను చంపుతుంది. జొన్నను మొలకెత్తించి సొంతంగా మాల్ట్ చేస్తామనేవాళ్లకు ఒక హెచ్చరిక. లేత జొన్న నాము తిని పశువులు పడిపోవడం మన రైతులందరికీ తెలుసు. అదే సైనైడ్ గుణం జొన్న మొలకల్లో, వేర్లలో ఉంటుంది. ఆరబెట్టాక మొలకలూ వేర్లూ పూర్తిగా రుద్ది, చెరిగి తీసేయకుండా ఆ మాల్ట్ వాడకూడదు. రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల పరిశోధన సంస్థ, పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉన్నాయి. బీరుకు పనికొచ్చే రకాల గురించి అడగడానికి ఇంతకంటే దగ్గరి చిరునామాలు ఏ రాష్ట్రానికీ లేవు.

హాప్స్ (బీరుకు చేదునిచ్చే పూలు) గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. 10 శాతం ఆల్ఫా ఆమ్లం ఉన్నవి 300 గ్రాములు గంటసేపు మరిగిస్తే 500 లీటర్లకు సుమారు 15 ఐబీయూ (చేదును కొలిచే లెక్క) చేదు వస్తుంది. జొన్న కలిసిన తేలిక బీరుకు అది సరిపోతుంది. మరిగేటప్పుడు మూత పెట్టకూడదు. పెడితే ఉడికిన మక్కకంకి వాసన అందులోనే ఉండిపోతుంది.

మన ఎండలు ఇక్కడ అసలు పరీక్ష. ఏల్ (కాస్త వెచ్చగా పులిసే బీరు) ఈస్ట్‌కు 18–22 డిగ్రీలు కావాలి, లాగర్‌కు 8–13. మే నెలలో బయట 44 ఉన్నప్పుడు గంటల తరబడి కరెంటు పోయి చిల్లర్ (ట్యాంకును చల్లబరిచే యంత్రం) ఆగితే, జోరుగా పులుస్తున్న ట్యాంకు తన సొంత వేడికి బయటి వేడి తోడై ఈ హద్దు దాటేస్తుంది. అప్పుడు పుట్టే ఘాటు ఆల్కహాళ్లు బీరు రుచిని పాడుచేస్తాయి. చిల్లర్‌కు జనరేటర్ కనెక్షన్ లేనిచోట వేసవిలో బీరు తయారు చేయకపోవడమే నయం. పులియడం పూర్తయ్యే ముందు లాగర్‌ను రెండు రోజులు 16–18 డిగ్రీలకు పెంచి ఉంచాలి. గిరాకీ ఉందని ఆ రెండు రోజులు మింగేస్తే గ్లాసులో వెన్న వాసన వస్తుంది. మరొక ప్రమాదం ప్రాణాలకే. 500 లీటర్లు పులిసేటప్పుడు దాదాపు 18 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడి నేల మీద పరుచుకుంటుంది. పాత బావిలో దిగినవాళ్లకు ఊపిరాడకపోవడం లాంటిదే ఇది. సెల్లార్‌లో ట్యాంకులు పెట్టేవాళ్లు మోకాలి ఎత్తులో గ్యాస్ అలారం, నేల మట్టాన ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి తీరాలి.

ఇక కడగడం. మంచి బీరును ఎక్కువగా పాడుచేసేది కుళాయి. దాన్ని విప్పి లోపల వేలు పెట్టి చూడండి. జిగటగా, జారుడుగా ఓ పొర తగిలితే ఆ పైపు వారాలుగా కడగలేదని అర్థం. పులుపు, వెనిగర్ కంపు వచ్చేది అక్కడి నుంచే. పైపుల్లో 2 శాతం కాస్టిక్ సోడా ద్రావణం 15 నిమిషాలు తిప్పాలి, పద్నాలుగు రోజులకోసారి తప్పకుండా. కుళాయి విప్పి బ్రష్‌తో తోమాలి. మూడు నెలలకోసారి ఆమ్లంతో కడిగితే బీరు రాయి అనే తెల్లటి పెచ్చు వదులుతుంది. ట్యాంకులకైతే 70–80 డిగ్రీల కాస్టిక్, నీళ్లు, 1 శాతం నైట్రిక్ లేదా ఫాస్ఫారిక్ ఆమ్లం, మళ్లీ నీళ్లు, చివర పెరాసిటిక్ ఆమ్లం. కాస్టిక్‌ను తటస్థం చేయకుండా మోరీలోకి వదలకూడదు.

హైదరాబాద్‌లో ప్రోస్ట్, జీరో 40 లాంటి మైక్రోబ్రూవరీలకు వెళ్లి రుచి నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఒక మాట. పెద్ద గ్లాసు కాకుండా చిన్న గ్లాసుల సాంప్లర్ అడగండి. గోధుమ బీరుతో మొదలుపెట్టి, నల్లవి, చేదువి చివరికి ఉంచండి. జర్మన్ తరహా గోధుమ బీరులో లవంగం, అరటిపండు వాసన ఉండాల్సిందే, లాగర్‌లో అదే వస్తే తప్పు. గ్లాసు గోడకు లోపల బుడగలు అంటుకుని ఉంటే గ్లాసు శుభ్రంగా లేదు, మార్చమనండి. ఈ బ్యాచ్ ఎప్పుడు ట్యాప్‌కు ఎక్కిందని అడిగితే మంచి బ్రూవర్ సంతోషంగా చెబుతాడు. తాగి బండి నడపొద్దు. చట్టం ప్రకారం హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములే. పాలమూరుకు కాచిగూడ నుంచి రైలుంది, నల్లగొండకు బస్సులకు కొదవ లేదు. 21 ఏళ్లు నిండనివారికి ఇవేవీ వర్తించవు.

పిప్పి గురించి పాడి రైతులు ఇప్పటి నుంచే మాట్లాడుకోవాలి. 100 కిలోల గింజలకు సుమారు 120 కిలోల తడి పిప్పి వస్తుంది. మంచి మాంసకృత్తులున్న దాణా అది. కానీ మన ఎండకు మర్నాటికే పులిసి బూజు పడుతుంది. బ్యాచ్ రోజే తీసుకుపోయే రైతుతో ముందే ఒప్పందం ఉండాలి. బర్రెలకు ఒక్కసారిగా ఎక్కువ పెట్టకుండా కొద్దికొద్దిగా అలవాటు చేయాలి.

మత్తుమందు కలిపిన కల్లు మన జిల్లాల్లో ఎన్ని కుటుంబాలను దెబ్బతీసిందో అందరం చూశాం. తాటి చెట్టు మీది నుంచి దించిన స్వచ్ఛమైన కల్లులో తప్పు లేదు. లొట్టిలో ఏం కలిసిందో తాగేవాడికి తెలియకపోవడమే అక్కడి తప్పు. కొత్తగా వచ్చే బ్రూవరీల్లో ఆ చీకటి ఉండకూడదు. అందుకని ఎక్సైజ్ శాఖకు మా విన్నపం: దరఖాస్తుతో పాటే ఫ్లోరైడ్, బైకార్బొనేట్ అంకెలున్న నీటి పరీక్ష నివేదిక, ఆర్వో వదిలే నీళ్లు ఎక్కడికి పోతాయన్న పత్రం, చిల్లర్‌కు బ్యాకప్ ఉన్నట్టు రుజువు తీసుకోండి. లైసెన్సు వచ్చాక మూడు నెలలకోసారి నీటి నివేదికను, ప్రతి కుళాయి పక్కన బ్యాచ్ తేదీని, పైపు కడిగిన తేదీని తెలుగులో రాసి పెట్టమనండి. తనిఖీకి వచ్చే అధికారి రిజిస్టర్‌తో పాటు ఒక కుళాయి విప్పించి చూడాలి.

ఇట్లు,
మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల పాఠకులు కొందరు