కిరాయి సాయం పదిహేను రోజుల్లో అందాలి: గృహనిర్మాణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర గృహనిర్మాణ శాఖ మంత్రి గారికి,

నకళ్లు: హనుమకొండ, వరంగల్ జిల్లాల కలెక్టర్లకు, గ్రేటర్ వరంగల్ నగరపాలక సంస్థ కమిషనర్ గారికి

నమస్కారం.

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో రెండు మూడు నెలల కిరాయి బాకీపడి, ‘ఒకటో తారీఖుకల్లా సామాన్లు తీసుకుపోండి’ అన్న మాట విన్న కుటుంబాలకు కాగితాలు సర్దిపెట్టడం, నోటీసులు రాసివ్వడం, ఓనర్లతో కూర్చుని మాట్లాడటం మేం చేసే పని. ఈ లేఖలో మేం ముఖ్యంగా అడిగేది ఒక్కటే. కిరాయి కట్టలేక చిక్కుకున్న మనిషికి చట్టం పదిహేను రోజులు ఇస్తున్నది. ఆ పదిహేను రోజుల్లో డబ్బు అందించే ఏర్పాటు సర్కారు దగ్గర లేదు. దాన్ని మీరు పెట్టాలి.

పదిహేను రోజులన్నది మేం ఊహించి చెప్పే లెక్క కాదు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం సెక్షన్ 10 ప్రకారం, గడువులో కిరాయి కట్టకపోతే ఓనర్ రెంట్ కంట్రోలర్ (అద్దె తగాదాలు తేల్చే అధికారి) దగ్గరికి పోవచ్చు. అయితే అది కావాలని ఎగ్గొట్టిన బాకీ కాదని కంట్రోలర్‌కు తోస్తే, పదిహేను రోజులకు మించకుండా గడువు ఇవ్వొచ్చు. ఆలోపు మొత్తం కట్టేస్తే ఓనర్ దరఖాస్తును కొట్టేయాల్సిందే. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 చూడండి: నెలవారీ కిరాయికి ఉన్నవాళ్లను ఖాళీ చేయమనాలంటే పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. అదే చట్టం సెక్షన్ 114లో, కిరాయి కట్టనందుకు లీజు రద్దయిందని కేసు వేసినా, విచారణ నాటికి బాకీ, వడ్డీ, కోర్టు ఖర్చులు కట్టినా, పదిహేను రోజుల్లో కడతామని పూచీ ఇచ్చినా కోర్టు ఆ కుటుంబాన్ని ఆ ఇంట్లోనే ఉండనివ్వొచ్చు. మూడు చోట్లా అదే పదిహేను. చట్టం రాసినవాళ్లు తలుపు మూయలేదు. ఆ తలుపు దాటడానికి కావాల్సిన పద్దెనిమిది ఇరవై వేలు ఆ రెండు వారాల్లో పుట్టకనే ఇల్లు పోతున్నది.

ఇప్పుడు ఆ కుటుంబం ఎక్కడికి పోవాలి? సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇస్తే రసీదు వస్తుంది, అర్జీ తహసీల్దారుకు పోతుంది. అక్కడ కిరాయికి అంటూ ఒక పద్దు లేదు కాబట్టి ‘పరిశీలించబడినది’ అని తిరిగి వస్తుంది. సీఎం సహాయ నిధికి ఆస్పత్రి బిల్లులుంటేనే దారి. ఆరోగ్యశ్రీ ఆపరేషన్ ఖర్చు భరిస్తుంది. ఆపరేషన్ అయిన మనిషి రెండు నెలలు పనికి పోలేక పోగొట్టుకున్న కూలి ఎవరి లెక్కలోకీ రాదు. సంపాదించే మనిషి చనిపోతే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద 20,000 రూపాయలు ఉన్నాయి గానీ మరణ ధ్రువపత్రం, విచారణ, మంజూరు అయ్యేసరికి ఆ ఇల్లు ఎప్పుడో చేయిదాటిపోతుంది. మహిళా సంఘంలో ఉన్న ఆడవాళ్లకు అప్పు దారి ఉంది, కాని అది బతుకుదెరువు కోసం ఇచ్చే అప్పు. పైగా సంఘంలో ఒకరిద్దరు వాయిదా తప్పితే అందరికీ ఆగిపోతుంది. ఇందిరమ్మ ఇండ్లలో సొంత జాగా ఉన్నవాళ్లకు 5 లక్షలతో మొదలుపెట్టారు, మంచిదే. జాగా లేని కిరాయిదారు రెండో జాబితాలో ఎదురుచూస్తున్నాడు. ఎదురుచూసేది కూడా కిరాయి ఇంట్లోనే కదా.

చివరికి మిగిలేది గిరిగిరి అప్పు. పది వేలు రాసుకుని ఎనిమిదిన్నర వేలు చేతిలో పెట్టి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. అంటే మూడు నెలల పది రోజులకే పదిహేను వందల మిత్తి, అదీ మొదటి రోజు నుంచే అసలు కూడా తిరిగి కట్టుకుంటూ. కిరాయి బాకీ తీర్చడానికి తెచ్చిన ఈ అప్పు వల్లనే మరుసటి నెల కిరాయి ఆగుతుంది. కాబట్టి సాయం అప్పు రూపంలో వద్దని గట్టిగా చెబుతున్నాం. అప్పుగా ఇస్తే బాకీ ఒక పుస్తకంలోంచి ఇంకో పుస్తకంలోకి మారుతుందంతే.

ఖర్చు లెక్క కూడా చూడండి. రెండు గదుల ఇంటికి నెలకు 6,000 అనుకుందాం. మూడు నెలల బాకీ 18,000. ఇది కట్టలేక ఖాళీ చేస్తే కొత్త ఇంటికి రెండు నెలల అడ్వాన్స్ 12,000, మొదటి నెల 6,000, ట్రాలీ ఆటోకు, ఇద్దరు మనుషులకు కలిపి రెండు వేల దాకా. మొత్తం 20,000. పాత బాకీలో అడ్వాన్స్ పోగా మిగిలింది అట్లనే నెత్తిన ఉంటుంది. పిల్లల బడి దూరమవుతుంది, ఇండ్లలో పనిచేసే ఆడవాళ్లకు ఆ కాలనీలో పని పోతుంది. ఉన్న ఇంట్లో నిలబెట్టడమే చవక. ఏడాదికి వెయ్యి కుటుంబాలకు 18,000 చొప్పున ఇచ్చినా అయ్యేది కోటి ఎనభై లక్షలు. నగరంలో ఒక రోడ్డు పనికి పెట్టే డబ్బు.

బాకీలు ఏ నెలల్లో పెరుగుతాయో కూడా మాకు తెలుసు. ఏనుమాముల మార్కెట్‌కు అక్టోబర్ నుంచి పత్తి, జనవరి నుంచి మే దాకా మిర్చి వస్తాయి. అప్పుడు హమాలీకి, సరుకు తూచే దడువాయికి, చాటతో చెరిగే చాటకూలీకి చేతినిండా పని. జూన్ వచ్చేసరికి యార్డు ఖాళీ, బడి ఫీజులు అప్పుడే, వానకు కట్టడం పనులూ ఆగేది అప్పుడే. జూన్‌లో తప్పిన కిరాయి ఆగస్టుకు మూడు నెలల బాకీ అవుతుంది. కాబట్టి నిధి జూన్‌కు ముందే సిద్ధంగా ఉండాలి. ఏప్రిల్‌లో బడ్జెట్ విడుదలై, అక్టోబర్‌లో మార్గదర్శకాలు వస్తే ఆ ఏడాది అక్కరకు రానట్టే.

ఇక వరద. 2023 జులైలో హంటర్ రోడ్డు వైపు కాలనీలు, ఎన్టీఆర్ నగర్, సంతోషిమాత కాలనీ నీళ్లలో మునిగినప్పుడు ఒక విషయం బయటపడింది. విపత్తు నిధి ప్రమాణాల్లో కూలిన ఇంటికి ఇచ్చే పరిహారం ఇంటి యజమానిది. అందులో ఉంటున్న కిరాయిదారుకు, ఇల్లు రెండు రోజులకు పైగా మునిగితే, బట్టలకు 2,500, వంట సామాన్లకు 2,500. మంచం, బియ్యం, కుట్టుమిషన్ పోయిన నెల కిరాయి మాత్రం మాఫీ కాదు, బురద ఎత్తిపోసుకుని మళ్లీ అదే కిరాయి కట్టాలి. 2024లో వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడ్డాక కేరళ ప్రభుత్వం ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి నెలకు 6,000 దాకా ఇంటి కిరాయి ఇచ్చింది. మన దగ్గరా 2020 లాక్‌డౌన్‌లో మూడు నెలల కిరాయి అడగొద్దని, తర్వాత వాయిదాల్లో మిత్తి లేకుండా తీసుకోవాలని సర్కారు చెప్పింది. అయితే ఆ ఉత్తర్వుతో భారం చిన్న ఓనర్ మీద పడింది. ఒక పోర్షన్ కిరాయితోనే మందులు కొనుక్కునే ముసలి ఓనర్లు ఈ ఊరిలో చాలామంది. వాళ్ల నోటి ముందు కూడు తీసి కిరాయిదారుకు పెట్టమని మేం అడగట్లేదు. ఓనర్‌కు రావాల్సిన డబ్బు ఓనర్‌కు రావాలి, కుటుంబం ఇంట్లో ఉండాలి.

ఎట్లా ఇవ్వాలంటే, దరఖాస్తు ఒక్క పేజీ. నగరంలో 66 డివిజన్లున్నాయి, కాశీబుగ్గ, కాజీపేట సర్కిల్ ఆఫీసుల్లో ఒక్కో టేబుల్ చాలు. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) ఆర్పీలకు, అంటే మహిళా సంఘాలను చూసుకునే రిసోర్స్ పర్సన్లకు, తమ గల్లీలో ఎవరింట్లో ఎవరు కిరాయికి ఉన్నారో తెలుసు. రెండో రోజు ఆర్పీ ఇంటికి వచ్చి చూడాలి, ఓనర్‌తో మాట్లాడాలి. ఐదో రోజుకు సర్కిల్ ఆఫీసులోనే మంజూరు కావాలి. ఫైలు కలెక్టరేట్‌కు, అక్కడి నుంచి హైదరాబాద్‌కు పోయిందంటే పదిహేను రోజులు దాటినట్టే. ఎనిమిదో రోజుకు డబ్బు నేరుగా ఓనర్ ఖాతాలో పడాలి, కిరాయిదారు ఫోన్‌కు మెసేజ్ పోవాలి. మిగిలిన వారం రోజులు బ్యాంకులో పేరు తేడా, ఐఎఫ్ఎస్‌సీ తప్పు వంటివి సరిచేసుకోవడానికి. డబ్బు అందుకున్న ఓనర్ బాకీ చెల్లినట్టు రసీదు రాసివ్వాలి, ఆరు నెలల దాకా పాత బాకీ పేరుతో ఖాళీ చేయమననని, కిరాయి పెంచనని సంతకం పెట్టాలి. సాయం మూడు నెలల బాకీకి మించకూడదు, ఒక కుటుంబానికి మూడేండ్లలో ఒకసారే.

ఇది ఎక్కడ చెడిపోతుందో కూడా ముందే చెబుతాం. కిరాయి అగ్రిమెంటు అడిగితే సగం మంది తలుపు దగ్గరే ఆగిపోతారు. ఇక్కడ ఎక్కువ ఇండ్లు నోటి మాట మీదే ఇస్తారు. దాని బదులు ఫోన్‌పే, గూగుల్‌పేలో ఓనర్‌కు పంపిన పాత కిరాయిల జాబితా, ఓనర్ మాట, ఆర్పీ సంతకం చాలాలి. ఆధార్ మీద ఈ ఊరి అడ్రస్ అడిగితే పరకాల, నర్సంపేట, ములుగు నుంచి వచ్చిన వాళ్లు పోతారు. వాళ్ల రేషన్ కార్డు ఊళ్లోనే ఉంటుంది. ఆదాయ ధ్రువపత్రం అడిగితే మీసేవ, తహసీల్ చుట్టూ తిరగడానికే గడువంతా చాలదు. ఏ జిల్లాదైనా రేషన్ కార్డు ఉంటే అదే ఆధారంగా తీసుకోండి.

అన్నిటికన్నా పెద్ద అడ్డం ఓనర్ సంతకం. ‘ఇల్లు కిరాయికిచ్చినట్టు రాసిస్తే ఇంటి పన్ను పెంచుతారు’ అన్న భయంతో బాకీ డబ్బు వస్తుందన్నా చాలామంది సంతకం పెట్టరు. ఈ పథకంలో ఇచ్చిన వివరాలు పన్నుల విభాగానికి పోవని ఉత్తర్వులోనే ఒక వాక్యం రాయాలి. ఆ ఒక్క వాక్యం లేకపోతే నిధి పెట్టినా ఖర్చు కాదు. ఓనర్ చనిపోయి కొడుకుల మధ్య పంచాయితీ ఉన్న ఇండ్లలో డబ్బు ఎవరికివ్వాలో తేలకపోతే, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గర జమ చేసే వీలు పెట్టండి.

నిజమైన కిరాయిదారు ఎవరో తేల్చడం కష్టమని అధికారులు అనవచ్చు. గృహజ్యోతిలో 200 యూనిట్ల ఉచిత కరెంటును కిరాయిదారులకూ ఇచ్చారు. రేషన్ కార్డుకు, మీటర్ సర్వీసు నంబరుకు లంకె పెట్టి మీరే తేల్చారు. అదే జాబితా ఇక్కడ మొదటి ఆధారం. అందులో రానివాళ్లూ ఉన్నారు: ఒకే మీటరు మీద మూడు పోర్షన్లు, లోపల సబ్ మీటర్లు. అందరి వాడకం కలిసి 200 దాటుతుంది కాబట్టి ఉచితం రాదు, కిరాయిదారు యూనిట్‌కు ఓనర్ చెప్పిన రేటు కడతాడు. బాకీపడ్డ ఇంటికి మొదట పోయేది కూడా ఈ కరెంటే. మెట్ల కింద ఉన్న బోర్డులో ఫ్యూజు పీకి జేబులో వేసుకుంటే చాలు, చంటిపిల్లలున్న ఇల్లు రెండు రాత్రుల్లో ఖాళీ అవుతుంది. 1960 చట్టం నీళ్లు, కరెంటు వంటి సౌకర్యాలు ఆపడాన్ని ఒప్పుకోదు. కాని ఆ చట్టమే ఇప్పుడు ఎక్కువమందికి వర్తించదు.

ఎందుకంటే 2005 సవరణతో కార్పొరేషన్ ప్రాంతాల్లో నెల కిరాయి 3,500 దాటిన ఇండ్లను, మిగతా చోట్ల 2,000 దాటిన ఇండ్లను చట్టం నుంచి తీసేశారు. ఆనాడు అది ఉన్నవాళ్ల ఇంటి కిరాయి. ఇప్పుడు కరీమాబాద్‌లో, రంగశాయిపేటలో రెండు గదులకే అంతకంటే ఎక్కువ అడుగుతున్నారు. హమాలీ ఉండే పోర్షన్ కూడా రక్షణ బయటే ఉన్నది. ఈ పరిమితిని పెంచే సవరణ తేవడం మా రెండో విన్నపం. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఇంటి అడ్వాన్స్ రెండు నెలల కిరాయికి మించకూడదన్న నియమం తీసుకోదగ్గది. గడువు దాటి ఉన్నవాళ్ల మీద రెండింతలు, నాలుగింతలు కిరాయి వేసే భాగాన్ని మాత్రం ఉన్నది ఉన్నట్టు తేవద్దు.

మీ నిర్ణయం వచ్చేలోపు ఇది చదివే కిరాయిదారులకు నాలుగు మాటలు చెప్పాలి. కోర్టు ఉత్తర్వు లేకుండా మిమ్మల్ని బయటికి పంపే అధికారం ఓనర్‌కు లేదు, పోలీసులకూ లేదు. తాళం వేసి బయట పెడితే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోపు కేసు వేసి ఇల్లు తిరిగి పొందొచ్చు. ఆ రోజే తాళం ఫొటో, బయట పడ్డ సామాన్ల ఫొటో తీసి పెట్టుకోండి, ఠాణాలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఖాళీ కాగితం మీద సంతకం చేయొద్దు. ఓనర్ కిరాయి తీసుకోకుండా తిప్పి పంపుతున్నాడంటే బాకీ చూపించి ఖాళీ చేయించాలనే. అప్పుడు రిజిస్ట్రేషన్ పెట్టిన స్పీడ్ పోస్టులో ఇంతే రాయండి: ‘ఫలానా నెల కిరాయి ఇంత ఇవ్వబోతే మీరు తీసుకోలేదు. ఈ నోటీసు అందిన పది రోజుల్లో కిరాయి జమ చేయాల్సిన బ్యాంకు ఖాతా తెలపండి.’ 1960 చట్టం వర్తించే ఇండ్లకు ఇది సెక్షన్ 8 దారి. ఖాతా చెప్పకపోతే మనియార్డర్ పంపాలి, అదీ తిప్పి పంపితే రెంట్ కంట్రోలర్ దగ్గర జమ చేయాలి. వర్తించని ఇండ్లలోనూ ఆ నోటీసు నకలు, పోస్టు రసీదు కోర్టులో మీ పక్షాన మాట్లాడతాయి. 15100కు ఫోన్ చేస్తే న్యాయ సేవాధికార సంస్థ పలుకుతుంది. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలును ఇస్తారు. కేసు పడకముందే లోక్ అదాలత్‌లో ఓనర్‌తో వాయిదాల ఒప్పందం చేసుకుంటే అది కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానం. అయితే కట్టగలిగిన వాయిదాకే ఒప్పుకోండి. ఒప్పుకున్నది తప్పితే ఆ డిక్రీ మీ మీదే అమలవుతుంది, దానిపై అప్పీలు ఉండదు.

మంత్రి గారూ, లోక్ అదాలత్‌లో ఓనర్లు వాయిదాలకు ఒప్పుకునేది సాధారణంగా మొదట కొంత మొత్తం చేతికి వస్తేనే. ఆ మొదటి మొత్తమే మేం అడుగుతున్న నిధి. రాష్ట్రమంతా ఒకేసారి వద్దు. వచ్చే జూన్ నుంచి కాశీబుగ్గ, కాజీపేట సర్కిళ్లలో మొదలుపెట్టండి. ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్ని రోజుల్లో డబ్బు పడింది, ఆరు నెలల తర్వాత ఎన్ని కుటుంబాలు అదే ఇంట్లో ఉన్నాయి అన్న మూడు లెక్కలు ప్రతి నెలా ఆఫీసు బోర్డు మీద అంటించమనండి. ఒక్క పేజీ దరఖాస్తు, ఓనర్ ఒప్పంద పత్రం, రసీదు నమూనా మేం తెలుగులో రాసి సిద్ధంగా పెట్టాం. మీ కార్యాలయం ఏ రోజు రమ్మంటే ఆ రోజు తెచ్చి ఇస్తాం.

ఇట్లు,
వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో కిరాయిదారులకు సాయపడుతున్న కొందరం