పులికాట్ ఒడ్డున బస: ముందు మురుగు లెక్క తేల్చాలి

సంపాదకులకు,

ఆర్యా,

పులికాట్ సరస్సు ఒడ్డున చెక్క కుటీరాలు, సకల సౌకర్యాల డేరాలు, కారవాన్లు (లోపలే బస చేయగలిగే బండ్లు) ఆగే స్థలాలు రావాలన్న మాట మా ప్రాంతంలో కొంతకాలంగా గట్టిగా వినిపిస్తోంది. రాష్ట్ర ప్రభుత్వం 2024-29 పర్యాటక విధానంలో ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చిన తర్వాత ఆ మాటకు బలం పెరిగింది. ఆ కోరిక నాకూ ఉంది. అయితే మంచినీటి సరఫరా, మురుగు పారుదల పనుల్లోనే ఉద్యోగ జీవితమంతా గడిపి విరమించినవాడిగా నాదొక విన్నపం. ఒడ్డున ఎన్ని గదులు కట్టాలో నిర్ణయించే ముందు, ఆ గదులనుంచి వచ్చే మురుగు ఎక్కడికి పోతుందో తేల్చాలి.

2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగి సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం ప్రాంతాలు తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సుగా పేరున్న పులికాట్‌లో చాలా భాగం, గూడబాతులు పిల్లలను పొదిగే నేలపట్టు కూడా ఆ విధంగా మన జిల్లావే అయ్యాయి. అయినా తిరుమల దర్శనం, శ్రీకాళహస్తి దర్శనం ముగించుకున్న యాత్రికుల్లో నూటికి పదిమందైనా అటువైపు తిరగరు. తిరుపతి నుంచి నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేటకు రెండు గంటల ప్రయాణమే. రాత్రి అక్కడ కుటుంబంతో ఉండటానికి తగిన చోటు తక్కువ కావడం ఇందుకొక ముఖ్య కారణం. పక్షులను చూడవలసింది తెల్లవారుజామున; తిరుపతిలో నిద్ర లేచి బయలుదేరినవారు చేరేసరికి ఎండ ఎక్కుతుంది. కాబట్టి బస అవసరమే, అందులో నాకు సందేహం లేదు.

ఒక జనవరిలో మా అబ్బాయి, కోడలు, మనుమలతో కలిసి సరస్సుకు దగ్గరగా ఒక ప్రైవేటు స్థలంలో వేసిన డేరాల్లో రెండు రాత్రులు ఉన్నాం. ఆ నిర్వాహకుల పేరు చెప్పడం నా ఉద్దేశం కాదు. పరుపులు, దుప్పట్లు, భోజనం అన్నీ బాగున్నాయి. ఉదయం డేరాల వెనక్కి నడిచి వెళితే మరుగుదొడ్ల కోసం తవ్విన గుంట కనిపించింది. మూడడుగుల లోతు కూడా లేని ఆ గుంటలో సగం వరకు నీరు ఊరి ఉంది. ఆ నీరు సరస్సు నుంచి ఊరినదే. గుంటలో పడినది తిరిగి చేరేదీ సరస్సుకే. ఆ గుంటకు వంద గజాల లోపే ఇద్దరు యానాది మహిళలు సరస్సులో మోకాలి లోతున నిలబడి చేతులతో రొయ్యలు పడుతున్నారు. ఆ దృశ్యం ఇప్పటికీ నా మనసును వదలలేదు.

ఇంజనీరింగ్ పరిభాష పక్కనపెట్టి లెక్క మాత్రం చెబుతాను. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు కావాలని మా శాఖల్లో అంచనా వేస్తాం, అందులో ఎనభై శాతం మురుగుగా తిరిగి వస్తుందని లెక్క కడతాం. ఇరవై కుటీరాల్లో ముగ్గురేసి చొప్పున అరవై మంది ఉన్నారనుకుంటే వాడేది 8,100 లీటర్లు, తిరిగి వచ్చేది దాదాపు 6,500 లీటర్లు. అది ఒక్క రోజుది. సెప్టిక్ ట్యాంకు కట్టి పక్కన ఇంకుడు గుంత తవ్వితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఇంకుడు గుంత పనిచేయాలంటే దాని అడుగుకూ భూగర్భ జలమట్టానికీ మధ్య ఒకటిన్నర, రెండు మీటర్ల పొడినేల ఉండాలి. ఆ పొడినేలలో జారుతూ పోయేటప్పుడే మురుగులోని రోగక్రిములు చాలావరకు వడకట్టబడతాయి. ఈశాన్య రుతుపవనాల వానల తర్వాత, అంటే సరిగ్గా యాత్రికులు వచ్చే రోజుల్లో, పులికాట్ ఒడ్డున రెండు మూడు అడుగులు తవ్వితే నీరు పడుతుంది. అక్కడ ఇంకుడు గుంత అంటే సరస్సులోకి నేరుగా వేసిన గొట్టంతో సమానం.

పైగా పులికాట్ లోతైన సరస్సు కాదు. చాలాచోట్ల మనిషి నడిచి వెళ్లగలిగినంత లోతే. రాయదొరువు వంటి చోట్ల ముఖద్వారాలు ఇసుకతో పూడి సముద్రపు పోటు సరిగా లోపలికి రావడం లేదని మత్స్యకారులు ఏళ్లుగా మొరపెట్టుకుంటూనే ఉన్నారు. పోటుపాట్లతో కడిగివేయబడే నీటికీ, కదలకుండా నిలిచిపోయే నీటికీ మురుగును భరించే శక్తిలో ఎంతో తేడా ఉంటుంది.

కారవాన్ల సంగతి వేరుగా ఆలోచించాలి. మంచం, వంటగది, మరుగుదొడ్డి అన్నీ బండిలోనే ఉంటాయి కనుక స్థలం చూపిస్తే చాలునన్న అభిప్రాయం ఉంది. ఆ బండ్లలో రెండు రకాల మురుగు పోగవుతుంది: మరుగుదొడ్డిది ఒకటి, స్నానానిదీ వంటపాత్రలదీ మరొకటి. చిన్న బండ్లలో మరుగుదొడ్డి కింద ఉండే పెట్టె సుమారు ఇరవై లీటర్లది. నలుగురున్న కుటుంబానికి అది రెండు రోజులకు నిండుతుంది. నిండిన పెట్టెను ఎక్కడ ఖాళీ చేయాలి? వాసన రాకుండా అందులో పోసే కొన్ని రసాయనాలు మామూలు సెప్టిక్ ట్యాంకులోని సూక్ష్మజీవులను చంపి దాన్ని పనికిరాకుండా చేస్తాయి. అందువల్ల కారవాన్లు ఆగేచోట కాంక్రీటు అరుగు, దాని మధ్యలో మూతతో మురుగు దించుకునే తొట్టి, కడగడానికి వేరే కుళాయి, ఆ తొట్టిని క్రమం తప్పకుండా ఖాళీ చేసి శుద్ధి కేంద్రానికి చేర్చే ట్యాంకరు ఉండి తీరాలి. విద్యుత్ కనెక్షన్ ఇవ్వకపోతే ప్రతి బండీ రాత్రంతా ఇంజనో జనరేటరో నడుపుతుంది. సరస్సులో నీరు తగ్గిన చోట నేల గట్టిగా కనిపించినా, పైన ఉప్పు పొర కింద బురద ఉంటుంది. మేము వెళ్లినప్పుడు అలా దిగిన ఒక పెద్ద బండి ఇరుసుల దాకా కూరుకుపోయింది. పక్క ఊరి మత్స్యకారులు ట్రాక్టరు తెచ్చి లాగారు, డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

వెలుతురు, చప్పుడు గురించి ఒక్క మాట. పులికాట్‌కు వచ్చే రాజహంసలు (ఫ్లెమింగోలు) రాత్రివేళ కూడా మేత మేస్తాయి. డేరాల చుట్టూ రంగురంగుల దీపాల తోరణాలు, అర్ధరాత్రి దాకా మైకులు పెట్టి, వాటిని చూడటానికే వచ్చామని చెప్పుకోవడం తగదు. నేలవైపు మాత్రమే పడే మసక పసుపు దీపాలు చాలు.

ఇవన్నీ చూశాక నాకు తోచింది ఇది. బస సరస్సు ఒడ్డున కాక, జాతీయ రహదారికి దగ్గరగా సూళ్లూరుపేట, దొరవారిసత్రం, తడ పరిసరాల్లోని మెరక నేలలో ఉండాలి. అక్కడ జలమట్టం లోతుగా ఉన్న స్థలాలు వెతకవచ్చు, ట్యాంకరు రావడానికి దారి ఉంటుంది, తుపాను హెచ్చరిక వస్తే జనాన్ని వెంటనే తరలించవచ్చు. తెల్లవారుజామున బ్యాటరీ వాహనాల్లో నేలపట్టుకో, భీమునివారిపాలెం పడవల రేవుకో తీసుకువెళితే యాత్రికుడు పోగొట్టుకునేది ఏమీ లేదు. పులికాట్‌లో పక్షుల సందడి ప్రధానంగా నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే కాబట్టి కాంక్రీటు భవనాలు మిగతా కాలమంతా ఖాళీగా పడి ఉంటాయి. స్తంభాల మీద నిలిపి, అవసరం తీరాక విప్పుకోగలిగే చెక్క కుటీరాలే మేలు. సరస్సు పక్షుల అభయారణ్యం కనుక ఒడ్డున అనుమతి లేని కట్టడం ఏనాటికైనా కూల్చివేతకే దారితీస్తుంది. కొల్లేరులో చెరువులు తవ్వుకోనిచ్చి, 2006లో వాటిని ధ్వంసం చేయవలసి వచ్చినప్పుడు నష్టపోయిన చిన్న రైతుల గోడు మనం విన్నదే.

నిర్వహణ ఎవరిదన్నది కూడా ముఖ్యం. పులికాట్ మత్స్యకారుల్లో ఏ రోజు ఏ చోట ఎవరు వల వేయాలో వంతుల ప్రకారం నిర్ణయించుకునే ‘పాడు’ అనే పాత కట్టుబాటు ఉంది. పడవ విహారాలను, అతిథులకు భోజనం పెట్టే పనిని, కుటీరాల సంరక్షణను అదే పద్ధతిలో తీరగ్రామాల కుటుంబాలకు వంతులవారీగా అప్పగించవచ్చు. అందులో యానాది కుటుంబాలకు తప్పనిసరిగా చోటుండాలి. వేట లేని రోజుల్లో వారికి ఆ ఆదాయం ఎంతో ఆసరా. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఉన్నప్పుడు పడవలు కదలనివ్వని రోజులు ముందే తెలుస్తాయి. ఆ వివరం గది ఖరారు చేసేటప్పుడే యాత్రికుడికి చెప్పాలి.

ఈ సంక్రాంతి సెలవులకే అటు వెళ్లాలనుకునే కుటుంబాలకు నా సలహా: సూళ్లూరుపేటలో గది తీసుకోండి, సాయంత్రం చెంగాళమ్మను దర్శించుకోండి, తెల్లవారి ఆరు గంటలకల్లా సరస్సు మధ్యగా పోయే శ్రీహరికోట దారిలో ఉండండి. డేరాలో ఉండాలనే కోరిక ఉంటే డబ్బు కట్టే ముందు నిర్వాహకుణ్ణి రెండు ప్రశ్నలు అడగండి: మరుగుదొడ్డి నీరు ఎక్కడికి పోతుంది, ట్యాంకరు చివరిసారి ఎప్పుడు వచ్చింది? సూటిగా జవాబు రాకపోతే అక్కడ దిగకండి.

2001లో మొదలైన ఫ్లెమింగో పండుగ కొన్నేళ్ల విరామం తర్వాత 2025 జనవరిలో మళ్లీ జరిగినప్పుడు సూళ్లూరుపేట వీధులు జనంతో నిండిపోవడం అందరం చూశాం. వచ్చే పండుగ లోపు జిల్లా యంత్రాంగం పర్యాటక, అటవీ, ప్రజారోగ్య శాఖల అధికారులను ఒకచోట కూర్చోబెట్టి, బసకు అనువైన మెరక స్థలాలను, ఒక్కోచోట అనుమతించే మనుషుల సంఖ్యను, మురుగు తరలించే ఏర్పాటును తెలుగులో రాసి తీరగ్రామాల గ్రామసభల ముందు ఉంచాలని కోరుతున్నాను. జలమట్టం కొలిచే పనికి నా వంటి విశ్రాంత ఉద్యోగుల సాయం కావాలంటే జీతభత్యాలు ఆశించకుండా వస్తాం.

భవదీయుడు,
ఒక విశ్రాంత ప్రజారోగ్య ఇంజనీరు,
తిరుపతి