దేవాంగపిల్లి పటం అడవి హద్దు దగ్గర ఆగకూడదు

సంపాదకులకు,

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో వన్యప్రాణుల మాట వస్తే ఏనుగు, చిరుతలతోనే సరిపెడతాం. పావుకిలో బరువుండే దేవాంగపిల్లి ఎవరికీ గుర్తురాదు. పేరులో పిల్లి ఉందిగానీ ఇది కోతులకు దూరపు చుట్టం, రాత్రి మాత్రమే తిరిగే జీవి. అత్యధిక రక్షణ ఇచ్చే వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో దీనికి చోటుంది. ఎక్కడ బతుకుతోందో తెలియకుండా ఆ చట్టం దాన్ని కాపాడలేదు. అందుకే ఆవాస పటం కావాలి, అదీ సరిగ్గా గీసింది కావాలి.

ఇలాంటి పటాలకు సాధారణంగా జంతువు కనిపించిన చోట్ల జీపీఎస్ బిందువులు తీసుకుని, వర్షపాతం, ఉష్ణోగ్రతలకు చెందిన 19 వాతావరణ పొరలతో, అంటే చిన్న చిన్న గడులుగా విడగొట్టిన పటాలతో కలిపి మ్యాక్స్‌ఎంట్ అనే సాఫ్ట్‌వేర్‌కు ఇస్తారు. అలాంటి పరిస్థితులు ఇంకెక్కడున్నాయో అది లెక్కగట్టి రంగులు వేస్తుంది. చిక్కంతా గడి సైజుతోనే. ఆ పొరల్లో ఒక్కో గడి దాదాపు కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు, అంటే 100 హెక్టార్లు. దేవాంగపిల్లి తిరిగే మేర సాధారణంగా నాలుగైదు హెక్టార్లు దాటదు. ఒకే గడిలో చింతతోపు, క్వారీ, కొత్త లేఅవుటు ఉంటే పటం మూడింటికీ ఒకే రంగు పూస్తుంది.

ఈ జంతువు దూకదు. వెనక కాళ్లతో ఒక కొమ్మను గట్టిగా పట్టుకుని, చేతులు చాచి, రెండో కొమ్మ అందితేనే కదులుతుంది. చెట్ల మధ్య రెండు మూడు మీటర్ల సందు వస్తే నేలకు దిగక తప్పదు. కుక్కలకు దొరికేదీ, బండ్ల కింద పడేదీ అక్కడే. కాబట్టి పచ్చదనం ఎంతుందని కాదు, కొమ్మలు ఎక్కడిదాకా కలిసి ఉన్నాయో కొలవాలి. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు 10 మీటర్ల వివరంతో ఉచితంగా దొరుకుతాయి. ఏప్రిల్ చిత్రం ఒక్కటే చూస్తే మాత్రం మోసపోతాం. ఆకు రాల్చిన మన అడవి బోడిగా కనిపిస్తుంది, జామాయిల్ తోటలు, సర్కారు తుమ్మ నిండు అడవిలా పచ్చగా ఉంటాయి. ఈశాన్య రుతుపవనాల వానల తర్వాత డిసెంబరులో తీసిన చిత్రాన్ని పక్కన పెట్టుకుంటేనే రెండూ విడిపోతాయి. అప్పుడు కూడా మూడు మీటర్ల సందు పదిమీటర్ల గడిలో కనపడదు. దాన్ని నడిచి చూసి రాసుకోవాల్సిందే.

రాత్రి సర్వేకి తలదీపానికి ఎర్ర సెల్లోఫేన్ కట్టుకుని, గంటకు కిలోమీటరు మించకుండా నడవాలి. దగ్గరదగ్గరగా రెండు నారింజ-ఎరుపు మెరుపులు కనపడితే ఆగి, ఆకారం తేలాకే రాసుకోవాలి. పునుగుపిల్లి కళ్లూ వెలుతురుకు మెరుస్తాయి. ఒక రాత్రి కనపడలేదని అక్కడ లేదనుకోవడం పెద్ద పొరపాటు. అదే దారిలో కనీసం మూడుసార్లు నడవాలి. బిందువులన్నీ ఘాట్ రోడ్ల వెంబడి, కాలిబాటల పక్కనే పడితే సాఫ్ట్‌వేర్ జంతువు ఇష్టాన్ని కాక రోడ్డు దారిని నేర్చుకుంటుంది. అందుకని దగ్గరగా పడిన బిందువుల్లో కొన్నింటిని తీసేసి, జంతువు కనిపించిన చోట్లతో పోల్చుకోవడానికి సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చే మిగతా బిందువులనూ నడిచిన దారుల నుంచే తీసుకోవాలి.

ఊళ్లో వాళ్లను అడగడం సులువుగా కనిపించే కష్టమైన పని. దేవాంగపిల్లిని చూశారా అంటే పునుగును తలచుకుని చూశామంటారు. కుప్పం వైపు ఇదే జంతువును కన్నడం మాట్లాడేవాళ్లు కాడుపాప అని, తమిళం మాట్లాడేవాళ్లు తేవాంగు అని అంటారు. మూడు పేర్లూ చెప్పి, ఫోటో చూపించి, తోక ఉందా అని అడగాలి. తోక ఉందంటే అది దేవాంగపిల్లి కాదు.

మా అసలు అభ్యర్థన పటం హద్దు గురించి. శేషాచలం జీవావరణ పరిరక్షణ ప్రాంతం 4,756 చదరపు కిలోమీటర్లు ఉన్నా, గీత దానితోనే ఆపితే ఈ జంతువుకు అన్యాయం జరుగుతుంది. పొలం గట్ల మీది తుమ్మ, కానుగ చెట్లు, కంచెలు, వంక ఒడ్డు పొదలు, ఊరి చింతతోపులు కూడా దీనికి ఇళ్లే. తమిళనాడు 2022లో దిండిగల్, కరూర్ జిల్లాల్లో 11,806 హెక్టార్లను దేవాంగపిల్లి అభయారణ్యంగా ప్రకటించింది. మన దగ్గర అభయారణ్యం మాట తర్వాత చూద్దాం, ముందు ఊళ్ల చెట్లను పటంలోకి ఎక్కించండి.

పటం బయట పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. మూఢనమ్మకాలతో, నాటువైద్యం పేరుతో దీన్ని పట్టేవాళ్లున్నారు. కనిపించిన చోటు అక్షాంశ రేఖాంశాలు అటవీ శాఖ దగ్గరే ఉండాలి, ప్రజలకు ఐదు కిలోమీటర్ల గడులతో చూపితే చాలు. రోడ్ల విస్తరణకు చెట్ల నరికివేత అనుమతి ఇచ్చే అధికారి చేతిలో మాత్రం అసలు వివరాల పటమే ఉండాలి. వందేళ్ల చింతచెట్టుకు గొడ్డలి తగలకముందే, దాని కొమ్మ అవతలి చెట్టును అందుకుంటోందా లేదా అని ఆ అధికారి చూసుకోవాలి.

ఇట్లు,
రాత్రి సర్వేల్లో పాల్గొనే ప్రకృతి కార్యకర్తలం,
తిరుపతి