నాన్నా, నా చెవుల్లోనూ ఉన్నాయి

మిన్నియాపాలిస్,
2025 ఫిబ్రవరి 9, ఆదివారం

నాన్నకు,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఈ సంగతి ఫోన్‌లో చెబుదామని రెండు వారాలుగా చూస్తున్నాను. నేను చెప్పేది నీకు సగం వినపడుతుంది, మిగతా సగం అమ్మ అందుకుని తన మాటగా చెప్పేస్తుంది. ఇది అమ్మ మధ్యలో దూరకుండా నీకు చెప్పాల్సిన సంగతి. అందుకే పెద్ద పెద్ద అక్షరాలతో రాసి పోస్టులో వేస్తున్నాను. కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చదువుకో.

చెవి మిషన్లు బీరువాలో పెట్టేశావట కదా. తమ్ముడు చెప్పాడు. సంక్రాంతికి ముందు విజయవాడ తీసుకెళ్ళి, చెవిలో అచ్చు తీయించి, అన్ని వేలు పోసి చేయిస్తే పట్టుమని పది రోజులు పెట్టుకోలేదని వాడికి కోపం. "కుయ్యిమంటున్నాయిరా, నా గొంతు నాకే వేరేవాడి గొంతులా ఉంది, బ్యాటరీలు రెండు రోజులు కూడా రావట్లేదు" అన్నావట. నాకు మాత్రం కోపం రాలేదు. ఇందులో మొదటి రెండు మాటలూ నేనూ అన్నాను కాబట్టి.

నాకూ ఉన్నాయి నాన్నా. రెండు చెవులకూ. రెండేళ్ళు నిండాయి.

పోయిన జూన్‌లో వచ్చి మూడు వారాలు మీ కళ్ళెదుట తిరిగినప్పుడు కూడా అవి నా చెవుల్లోనే ఉన్నాయి. జీడిపప్పులో సగం ఉంటాయేమో, లోపలికి వెళ్ళిపోతాయి. పైన జుట్టు. ఎవరికీ కనపడలేదు. ఒక్క రోజు మాత్రం దొరికిపోయాననుకున్నాను. అమ్మ తలంటు పోస్తానని నూనె గిన్నె పట్టుకుని వచ్చి పీట మీద కూర్చోబెట్టింది. గబగబా రెండూ తీసి చున్నీ కొంగున ముడేసుకున్నాను. అమ్మ వెనక కూర్చుని మాడు మీద నూనె మర్దన చేస్తూ ఏవేవో చెబుతోంది. నాకు మూతి కనపడదు, మాట వినపడదు. ఊఁ, ఊఁ అంటూ కూర్చున్నాను. ఆ పూట నేను ఒప్పుకున్న వాటిలో అయిదు కేజీల గోంగూర పచ్చడి ఒకటని సూట్‌కేస్ సర్దేటప్పుడు తెలిసింది.

ఎందుకు దాచావంటావు. మనింట్లో కళ్ళజోడు పెట్టుకుంటే బాగా చదివే పిల్ల అంటారు. అదే మాట వినపడకపోతే చెవిటి మాలోకం. అమ్మ నీ మీద రోజుకోసారైనా "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది" అంటుంది. నవ్వుతూనే అంటుందనుకో. అయినా ఆ మాట నా మీద పడకూడదనుకున్నాను. అందుకే ఏది కనపడదో అదే కావాలని ఏరి కోరి తీసుకున్నాను. లోపలికి వెళ్ళేకొద్దీ మిషన్ చిన్నది, బ్యాటరీ చిన్నది, తంటా పెద్దది. నీకు చేసింది కాస్త పెద్ద రకం, చెవి గిన్నెలో కొద్దిగా కనపడుతుంది. మంచిదే చేశారు. ముప్ఫై ఏళ్ళు స్టీరింగ్ పట్టిన వేళ్ళు నావి పట్టుకోలేవు.

నా సంగతి మొదలైంది ఆఫీసులో. మీటింగులో ఎవరో జోక్ వేస్తే అందరి కంటే ఒక క్షణం ఆలస్యంగా నవ్వేదాన్ని. ఈ మిషన్లు చేసే స్టార్కీ అనే పెద్ద కంపెనీ మా ఊరి పక్కన ఈడెన్ ప్రెయిరీలోనే ఉంది. ఎన్నోసార్లు ఆ పక్కనుంచి వెళ్ళాను, ఒక్కసారి కూడా నా గురించి అనుకోలేదు. 2022 అక్టోబర్ నుంచి ఇక్కడ, చెవుడు కొద్దిపాటిగానో మధ్యస్థంగానో ఉన్న పెద్దవాళ్ళకి, డాక్టరు చీటీ లేకుండా షాపులోనే మిషన్లు అమ్మనిచ్చారు. ముందు అవే కొన్నాను, పరీక్షకు వెళ్తే నిజం తెలిసిపోతుందన్న భయంతో. వాటి రబ్బరు టోపీలు నా చెవిలో నిలవలేదు. అప్పుడిక వెళ్ళి టెస్ట్ చేయించుకుని అచ్చు ఇచ్చాను.

నీకూ అలాగే చేసి ఉంటారు. చెవిలోకి దీపం వేసి చూసి, దారం కట్టిన దూది ముక్క లోపల అడ్డం పెట్టి, సిరంజితో చల్లటి ముద్ద ఎక్కిస్తారు. లోకమంతా ఒక్కసారి తలుపేసుకున్నట్టు ఉంటుంది. కాసేపటికి గట్టిపడ్డాక లాగితే, మన చెవి లోపలి వంపంతా ముద్దలో దిగి ఉంటుంది. నేను దాన్ని చేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాను. యాభై ఏళ్ళుగా నాతో ఉన్నదే, ఎప్పుడూ చూడలేదు! ఆ అచ్చుకే మిషన్ పైతొడుగు తయారు చేస్తారు. అన్నట్టు, అచ్చు తీసేటప్పుడు కట్టుడు పళ్ళు పెట్టుకున్నావా? పళ్ళు ఉన్నప్పుడూ తీసినప్పుడూ దవడ ఒకలా ఉండదు, దాంతో చెవి దారీ మారుతుంది. పెట్టుకోకపోతే అచ్చు తీసిన వాళ్ళకి తప్పకుండా చెప్పు. కుయ్యిమనడానికి అదీ ఒక కారణం కావచ్చు.

ఆ కుయ్ సంగతే ముందు చెబుతాను. మిషన్ నుంచి వచ్చిన శబ్దం సందులోంచి బయటికి కారి మళ్ళీ దాని మైకులోకే వెళ్తే అలా ఈల వేస్తుంది. పెళ్ళి పందిట్లో మైకు స్పీకరుకు దగ్గరైతే కీచుమంటుందే, అదే. సరిగ్గా లోపలికి దిగకపోయినా, చెవిలో గులిమి అడ్డం ఉన్నా అంతే. నువ్వు ఫోన్ చెవికి అదిమి పట్టుకుంటావు కదా, అప్పుడూ వేస్తుంది. ఫోన్ కాస్త ఎడంగా, ఏటవాలుగా పట్టుకో. పెట్టుకునేటప్పుడు రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి, సన్నటి కొస ముందు దించి, కొద్దిగా తిప్పుతూ నొక్కు. రెండూ తారుమారైనా దిగవు. ఎర్ర గుర్తు కుడి చెవిది, నీలం ఎడమది. కుడికి కుంకుమ అని గుర్తు పెట్టుకో. నేను అలాగే పెట్టుకున్నాను.

గొంతు సంగతి. నాకు మొదటి వారం గాబులో తల పెట్టి మాట్లాడినట్టు ఉండేది. అప్పడం నమిలితే ఇల్లు కూలినట్టుండేది. చెవి దారికి బిరడా పెడితే మన గొంతు ఎముకల మీదుగా వచ్చి లోపలే తిరుగుతుంది. అందుకే మిషన్‌లో సన్నటి గాలి కన్నం ఒకటి, ఈ కొస నుంచి ఆ కొస దాకా పెడతారు. ఆ కన్నం పూడిందేమో చూడు. పూడకపోయినా అలాగే ఉంటే వెళ్ళి చెప్పు, వీలైతే పెద్దది చేస్తారు, లేకపోతే కంప్యూటర్‌కు తగిలించి సర్దుతారు. నేను నాలుగుసార్లు తిరిగాను. మొదటిది కుడి చెవిలో ఒరుసుకుని పుండు చేసింది కూడా. "అలవాటవుతుంది" అని అక్కడి మనిషి పంపేస్తే వారం ఓర్చుకున్నాను, అది నా తెలివితక్కువ. మాటలు మెల్లగా అలవాటవుతాయి గానీ నొప్పి అలవాటు కాకూడదు. అరగదీయించాక హాయిగా ఉంది.

ఇన్నేళ్ళుగా మెదడు వినని చప్పుళ్ళన్నీ ఒక్కసారి మీద పడతాయి. ఫ్రిజ్ మోత, చెప్పుల టకటక, ప్లాస్టిక్ సంచి గరగర. నేను మొదటి రోజు రెండు గంటలు, తరవాత కాస్త కాస్త పెంచుకుంటూ పోయాను. నువ్వు మొదటి రోజే పెట్టుకుని బస్టాండ్‌కి వెళ్ళావట! ముందు ఇంట్లో, అమ్మ ఒక్కతే ఎదురుగా ఉన్నప్పుడు పెట్టుకో. నెలన్నర పట్టింది నాకు.

బ్యాటరీల మాట విని మాత్రం నవ్వొచ్చింది, ఏమనుకోకు. ఆరు బ్యాటరీలకూ స్టిక్కర్లు ముందే పీకి డబ్బాలో వేసుకున్నావని తమ్ముడు చెప్పాడు. రోజూ గోకడం ఎందుకని అన్నావట. నాన్నా, ఆ స్టిక్కర్ కింద సన్నటి కన్నాలుంటాయి. గాలి లోపలికి వెళ్తేనే అది పని మొదలెడుతుంది. స్టిక్కర్ పీకగానే, మిషన్‌లో వేసినా వెయ్యకపోయినా దాని ఆయుష్షు తరిగిపోతూనే ఉంటుంది. మళ్ళీ అతికించినా లాభం లేదు. ఒక్కటే పీకు, ఓ రెండు మూడు నిమిషాలు గాలి తగలనిచ్చి అప్పుడు పెట్టు. నీది గోధుమరంగు స్టిక్కర్, 312 నంబరు. నాది పసుపు, 10 నంబరు, అయిదారు రోజులకి అయిపోతుంది. నీది ఇంకాస్త ఎక్కువే రావాలి. రాత్రి తీసినప్పుడు బ్యాటరీ తలుపు తెరిచి పెట్టు, అదే స్విచ్ ఆపినట్టు, లోపలి తేమ కూడా ఆరుతుంది. అయిపోయినవి బల్ల మీద వదలకు. తమ్ముడి చిన్నాడు ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటాడు.

ఒక బుధవారం నా కుడి చెవిది ఉన్నట్టుండి మూగబోయింది. కొత్త బ్యాటరీ వేసినా పలకలేదు. అప్పుడు వంటింటి లైటు కింద భూతద్దం పెట్టి చూశాను. శబ్దం వచ్చే కొసలో ఆవగింజలో సగం ఉండే తెల్లటి జల్లెడ ఒకటుంటుంది, వ్యాక్స్ గార్డ్ అంటారు. అది గులిమితో గోధుమ రంగుకు తిరిగింది. డబ్బాలో చిన్న పుల్లలు ఇస్తారు. ఖాళీ కొస పాతదానిలో గుచ్చి నిటారుగా లాగితే ఊడి వస్తుంది. పుల్ల తిప్పి, కొత్తది ఉన్న కొస అక్కడే నొక్కితే సరిపోతుంది. ఊపిరి బిగబట్టి చేశాను. పెట్టుకున్నాను, కుళాయి చుక్కలు పడుతున్న చప్పుడు వినపడింది. అంతే, రిపేరు అయిపోయింది. నీది మూగబోతే ముందు ఇది చూడు, తరవాతే విజయవాడ బస్సెక్కు.

రోజూ పొద్దున్నే, గులిమి ఎండి ఉంటుంది కాబట్టి, మిషన్ కొసను కిందికి పట్టుకుని చిన్న బ్రష్‌తో దులుపు. కొస పైకి పెట్టి దులిపితే చెత్త లోపలికే వెళ్తుంది. పొడి గుడ్డతో తుడువు. నీళ్ళూ వద్దు, స్పిరిట్టూ వద్దు, అమ్మ పిన్నీసు అసలే వద్దు. చెవిలో కూడా అగ్గిపుల్లలు పెట్టకు, వెల్లుల్లి కాచిన నూనె పొయ్యకు. కొన్ని నెలలకోసారి ఇఎన్‌టి డాక్టరుతో గులిమి తీయించుకుంటే చాలు.

స్నానం, తలకి కొబ్బరినూనె, చొక్కా, అన్నీ అయ్యి చెవులు పూర్తిగా ఆరాక చిట్టచివర మిషన్లు. తీసేటప్పుడు మంచం మీద కూర్చుని తియ్యి, టైల్స్ మీద పడితే పగులుతుంది. నువ్వు మే నెల చెమటలో పెట్టుకుంటే ఇక్కడి మంచు కంటే అదే పెద్ద శత్రువు. సిలికా జెల్ గుళికలున్న డబ్బా దొరుకుతుంది, రాత్రి అందులో పెట్టు. అమ్మ బియ్యం డబ్బాలో పెడదామందట. వద్దు, తవుడు పొడి కన్నాల్లో దూరుతుంది.

నీ చెవులు ఆ పాత బస్సులే తిన్నాయని నా అనుమానం. ఇంజను నీ మోకాలి పక్కనే ఉండేది, గుడివాడ డిపోలో నీకు అన్నం తెచ్చి ఇచ్చినప్పుడు నేనే చెవులు మూసుకునేదాన్ని. అలాంటి మోతకి ముందు సన్న శబ్దాలు పోతాయి. అమ్మ "చారు పొయ్యనా" అంటే నీకు "కారు పోయిందా" అని వినపడేది అందుకే. అమ్మ గట్టిగా అరిచినా ఆ చ, క తేలవు, అరుపు మాత్రమే పెద్దదవుతుంది.

నీకు గుర్తుందా, 2000 మార్చిలో అప్పటి అమెరికా ప్రెసిడెంట్ క్లింటన్ హైదరాబాద్ వచ్చాడు, నువ్వు డ్యూటీ మార్చుకుని మరీ టీవీ చూశావు. ఆయన 1997లోనే రెండు చెవులకూ చెవి లోపలి మిషన్లు పెట్టించుకున్నాడు. అప్పటికి 51 ఏళ్ళు, ఇప్పుడు నా వయసు. ఆయన సంగతి పేపర్లకెక్కింది. నేనేమో చున్నీ కొంగున ముడేసుకున్నాను.

మార్చిలో మా ఆఫీసు అబ్బాయి ఒకడు విజయవాడ వస్తున్నాడు. వ్యాక్స్ గార్డులు అన్ని మిషన్లకూ ఒకటే రకం పట్టవు. నీ డబ్బా మీదున్న పేరు ఫొటో తీసి పంపమని తమ్ముడికి చెప్పు, రెండు ప్యాకెట్లు పంపుతాను.

ఈ ఉత్తరం అందిన తరవాతి ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఫోన్ చేస్తాను. మిషన్లు పెట్టుకుని, ఫ్యాన్ తగ్గించి, వరండాలో కాకుండా గదిలో కూర్చో. నేనూ పెట్టుకునే ఉంటాను.

నా సంగతి అమ్మకు నువ్వే చెప్పు. గట్టిగా చెప్పనక్కర్లేదు, ఆవిడకు బాగానే వినపడుతుంది.

నీ పెద్దమ్మాయి