తమ్ముడి ఆట ఖాతా సంగతి

మెల్‌బోర్న్

పూజ్యులైన నాన్నగారికి, అమ్మకు నమస్కారములు.

నేనిక్కడ క్షేమం. పని ఎప్పటిలాగే సాగుతోంది. ఆదివారం ఫోనులో అమ్మ గొంతు విన్నప్పటినుంచి మనసు కుదురుగా లేదు. తీరిగ్గా మళ్ళీ చదువుకోవడానికి వీలుగా ఉంటుందని ఉత్తరమే రాస్తున్నాను.

తమ్ముడు ఫోనులో ఆడే బీజీఎంఐ అనే తుపాకుల ఆట ఖాతాను కాజేసిన దొంగ మన బ్యాంకులోకి చొరబడలేదు. యూపీఐ పిన్ను తమ్ముడు ఎక్కడా కొట్టలేదు కనుక మీ పింఛను డబ్బుకు ఢోకా లేదని అమ్మకు ముందుగా చెప్పండి. పోయింది ఫేస్‌బుక్ పాస్‌వర్డు. ఆ ఆటలోకి తమ్ముడు ఫేస్‌బుక్ ద్వారానే వెళ్తాడు కాబట్టి, అది దొరికితే ఆట కూడా దొరికినట్టే.

తమ్ముడు పంపిన స్క్రీన్‌షాట్లు నిదానంగా చూశాను. సగం ధరకే యూసీ, అంటే ఆ ఆటలో వస్తువులు కొనే నాణేలు, ఇస్తామని ఎవరో ముక్కూమొహం తెలియనివాడు పంపిన లింకు అది. పైన ఆట బొమ్మ, కింద అచ్చు ఫేస్‌బుక్‌లా కనిపించే నీలిరంగు పెట్టె, పక్కన సెకన్లు తగ్గిపోతున్న గడియారం. చిరునామాలో మాత్రం ఒక అక్షరం ఎక్కువ ఉంది. ఆ అక్షరం కంటపడకుండా కంగారుపెట్టడానికే ఆ గడియారం. ఇంటర్ చదివే కుర్రవాడి మాట అలా ఉంచండి, ఇక్కడ నాతో పనిచేసే ఇంజనీరు ఒకాయన, తెలిసిన స్నేహితుడి పేరుతోనే ‘మా జట్టుకు ఓటు వేయి’ అని వచ్చిన లింకు నొక్కి కంప్యూటరు ఆటలు కొనుక్కునే తన స్టీమ్ ఖాతా పోగొట్టుకున్నాడు. స్నేహితుడి ఖాతా అంతకుముందే దొంగల పాలైంది మరి.

ఫోను కొనిచ్చినవాడిదే తప్పని పెదనాన్నగారు అన్నారట. అది పాఠాల కోసం కొన్నదని ఆయనకు తెలియనిది కాదు. ఇప్పుడు ఫోను లాక్కుంటే, ఈసారి ఏం జరిగినా తమ్ముడు మనకు చెప్పడు. తిడతారని భయపడి దాచినన్నాళ్ళూ దొంగకు కావలసినంత వ్యవధి దొరికింది. దయచేసి కోప్పడకండి.

రేపు సాయంత్రం తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ముందు జీమెయిల్ పాస్‌వర్డు, ఆ తరువాత ఫేస్‌బుక్‌ది మార్పించండి. రెండింటికీ ఒకటే పెట్టనివ్వకండి. ఖాతా ఏయే ఫోన్లలో తెరిచి ఉందో సెట్టింగులలో కనిపిస్తుంది. మనది కానిదల్లా తీసేయాలి. తిరిగి పొందడానికి ఇచ్చే నంబరు, మెయిలు మనవేనా అన్నది తప్పక చూడండి, ఎందుకంటే దొంగ తన నంబరు పెట్టి ఉంటే పాస్‌వర్డు మార్చినా మళ్ళీ లోపలికి వస్తాడు. టూ స్టెప్ వెరిఫికేషన్, అంటే పాస్‌వర్డు తరువాత ఇంకో కోడు కూడా అడిగే ఏర్పాటు, పెట్టించండి, ఆ కోడును ఫోనులోనే చూపే అథెంటికేటర్ యాప్‌తో అయితే మరీ మంచిది. యూసీ కొన్నప్పుడు వచ్చిన గూగుల్ ప్లే రసీదులు మెయిలులో ఉంటాయి. ఆట కంపెనీవారికి రాసేటప్పుడు ఖాతా తనదేనని చూపడానికి అవి పనికివస్తాయి.

2022 జూలైలో ఆ ఆటను స్టోరుల నుంచి తీసేసి 2023 మేలో మళ్ళీ పెట్టారు. ఆ మధ్యకాలంలో తమ్ముడికి స్టోరుతో పనిలేకుండా ఆటను నేరుగా ఫోనులో పెట్టుకునే ఏపీకే ఫైళ్ళు ఎక్కడపడితే అక్కడ దింపుకోవడం అలవాటైంది. దాన్ని మాన్పించాలి.

ఖాతా పోయిందని తమ్ముడు గ్రూపుల్లో రాసుకున్నాడు కాబట్టి, తిరిగి తెప్పిస్తామంటూ రుసుము అడిగేవాళ్ళు ఇకమీదట వస్తారు. నాకు అసలు దొంగకన్నా వీళ్ళంటేనే ఎక్కువ భయం. ఆటలో అరుదైన గ్లేసియర్ తుపాకీ ఉన్న ఖాతా కొంటామనో, డబ్బు వేస్తాం క్యూఆర్ కోడు స్కాన్ చేయమనో కూడా అంటారు. డబ్బు రావడానికి పిన్ను అక్కరలేదు, అడిగారంటే మన డబ్బు పోతున్నట్టే. ఒకవేళ పోతే మరుక్షణమే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే బ్యాంకు ఆ డబ్బును ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

అమ్మ మోకాలి నొప్పికి డాక్టరుగారు ఏమన్నారు? గోంగూర పచ్చడి ఇంకా ఉంది, పంపవద్దని చెప్పండి. తమ్ముణ్ణి రేపు పని కాగానే నాకు వీడియో కాల్ చేయమనండి, కంపెనీవారికి రాయవలసిన మెయిలు ఇద్దరం కలిసి రాస్తాము.

ఇట్లు
మీ పెద్దబ్బాయి